అర్జునుడి జవాబు పిస్టలుకు పనికిరాదు

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయన కూతురు కాలేజీలో చేరాక పది మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. "గురి చూస్తుంటే ఏదో ఒకటి మసకగానే ఉంటోందని అంటోంది. ఎర్ర చుక్క కనిపించే సైటు బిగిస్తే త్వరగా పట్టు చిక్కుతుందా? నాకు యాభై రెండేళ్లు. దాని పిస్టల్ పట్టుకుని చూస్తే నాకు ఆ మాత్రం కూడా కనిపించడం లేదు" అన్నది ఆయన ప్రశ్న. రెండు తరాల కళ్లు ఒకే వస్తువును చూసి రెండు రకాలుగా ఇబ్బంది పడ్డాయి. గురి చూడటానికి పిస్టల్ మీద ఉండే భాగాలే సైట్లు. వాటి శాస్త్రమంతా ఈ రెండు ఇబ్బందుల మధ్యే ఉంది.

బెజవాడ వాళ్లకు గురి అనగానే అర్జునుడు గుర్తుకొస్తాడు. ఆయన పాశుపతం కోసం తపస్సు చేసిన కొండ అని ఇంద్రకీలాద్రిని చూపిస్తూ పిల్లల్ని పెంచే ఊరు ఇది. ఆ వెంటనే చెట్టు మీది పిట్ట కథ వస్తుంది. ఏం కనిపిస్తోందని ద్రోణుడు అడిగితే చెట్టు కాదు, కొమ్మ కాదు, పిట్ట కన్ను మాత్రమే కనిపిస్తోందన్నాడట. ఏకాగ్రతకు ఇంతకన్నా మంచి కథ లేదు. నేనూ తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాను. కానీ సాధారణ సైట్లున్న పిస్టల్ చేతికిచ్చి అదే ప్రశ్న వేస్తే సరైన జవాబు వేరు: "ముందు సైటు అంచు స్పష్టంగా కనిపిస్తోంది. వెనక సైటు కొంచెం మసకగా ఉంది. పిట్ట ఇంకా మసకగా ఉంది."

పిస్టల్ గొట్టం చివర నిలబడే చిన్న దిమ్మె ముందు సైటు. చేతికి దగ్గరగా, నలుచదరపు గాడితో ఉండేది వెనక సైటు. గాడిలో దిమ్మె కనిపించాలి, రెండింటి పై అంచులు ఒకే గీతలో ఉండాలి, దిమ్మెకు రెండు పక్కలా సమానంగా వెలుతురు సందులు ఉండాలి. ఆ మొత్తాన్ని లక్ష్యం కిందికి తేవాలి. చిక్కేమిటంటే చెయ్యి చాపి పట్టుకున్నప్పుడు వెనక సైటు కంటికి దాదాపు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, ముందు సైటు 90 దాకా ఉంటుంది, లక్ష్యం పది మీటర్ల అవతల ఉంటుంది. కంటి కటకం ఒక్కసారి ఒక్క దూరానికే సర్దుకోగలదు. ఈ మూడింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి.

ఎందుకు ముందు సైటునే ఎంచుకోవాలి? దీనికి తుపాకీ అక్కర్లేదు, ఇంట్లోని చెక్క స్కేలు చాలు. ముప్పై సెంటీమీటర్ల స్కేలుకు ఒక చివర అగ్గిపుల్లను నిలువుగా మైనంతో అతికించండి. రెండో చివర ఒక పన్ను విరిగిన దువ్వెన ముక్కను నిలబెట్టండి. ఎదురు గోడ మీద ఆరు సెంటీమీటర్ల నల్లటి వృత్తం గీసి, పది మీటర్లు వెనక్కి రండి. అపార్ట్‌మెంటు వరండా సరిపోతుంది. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్ లక్ష్యంలో నల్ల భాగం వ్యాసం 59.5 మిల్లీమీటర్లు, పది మార్కుల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అంటే మీ గోడ మీద ఉన్నది ఇంచుమించు అసలు లక్ష్యమే.

ఇప్పుడు స్కేలును అలాగే పట్టుకుని చేతిని మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిపారనుకోండి. అగ్గిపుల్ల, దువ్వెన రెండూ కలిసి జరిగాయి కాబట్టి గురి కూడా మూడు మిల్లీమీటర్లే తప్పింది. పది మార్కులు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. అలా కాకుండా చెయ్యి కదలకుండా మణికట్టు మాత్రం తిరిగి, అగ్గిపుల్ల గాడి మధ్య నుంచి ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయిందనుకోండి. మంచి ఎయిర్ పిస్టల్ సైట్ల మధ్య దూరం 320 మిల్లీమీటర్లు అనుకుంటే, పది మీటర్లలో ఆ ఒక్క మిల్లీమీటరు 31 మిల్లీమీటర్లు అవుతుంది. పది కాదు కదా, తొమ్మిది కూడా దాటిపోయింది. సైట్ల మధ్య దూరం 160 మిల్లీమీటర్లే ఉన్న పొట్టి పిస్టల్ అయితే అదే తప్పు 62 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. చెయ్యి వణకడం ఎవరికైనా తప్పదు, అది క్షమించదగిన తప్పు. సైట్ల అమరిక తప్పడం క్షమించరానిది. క్షమించరాని తప్పు ఎక్కడ జరుగుతుందో అక్కడే కన్ను కాపలా ఉండాలి. అందుకే ముందు సైటు.

అప్పుడు లక్ష్యం మసకబారుతుంది, నిజమే. ఎంత మసక? ఇక్కడ కాస్త లెక్క ఓపిక పట్టి చదవండి. దూరాన్ని మీటర్లలో తీసుకుని తలకిందులు చేస్తే డయాప్టర్లు వస్తాయి. ముందు సైటు 1.1, లక్ష్యం 0.1. తేడా ఒక డయాప్టరు. ఆ తేడాను కంటిపాప వ్యాసంతో గుణిస్తే మసక ఎంత కోణంలో పరుచుకుంటుందో వస్తుంది. కంటిపాప మూడు మిల్లీమీటర్లు ఉంటే మసక మూడు మిల్లీరేడియన్లు, అంటే పది మీటర్ల దూరంలో 30 మిల్లీమీటర్లు. నల్ల వృత్తం అంచు మేఘంలా కరిగిపోతుంది. అయితే ఆ కరగడం అన్ని వైపులా సమానం, కాబట్టి వృత్తం కేంద్రం చోటు మారదు. మసక వృత్తానికి నడిబొడ్డు ఎక్కడో మన మెదడు ఇట్టే పట్టేస్తుంది. కన్ను లక్ష్యం మీద నిలిపితే అదే మూడు మిల్లీరేడియన్ల మసక ముందు సైటు మీద పడుతుంది. 4.5 మిల్లీమీటర్ల దిమ్మె మీద 2.7 మిల్లీమీటర్ల మసక! వెనక గాడి మసక ఇంకా ఎక్కువ. పక్క సందులు మాయమవుతాయి, పై అంచుల గీత కలిసిపోతుంది. ఆ గీత విలువ తెలియాలంటే ఇంటర్మీడియట్ లాబులోని వెర్నియర్ కాలిపర్స్ గుర్తు చేసుకోండి. రెండు గీతలు కలిశాయా లేదా అని చెప్పడంలో మన కన్ను, రెండు చుక్కలను విడదీసి చూడటంలో కంటే ఎన్నో రెట్లు నిశితం. నలుచదరపు గాడి, నలుచదరపు దిమ్మె ఆ శక్తినే వాడుకుంటాయి. అందుకే గురి పోటీలకు గుండ్రటి పూస, యు ఆకారపు గాడి నాకు నచ్చవు.

సైటు ఎంచుకోవడంలో అమ్మాయి ముందున్న అసలు నిర్ణయం ఈ గాడి వెడల్పు గురించే. సందులు సన్నగా ఉంటే నిశితం పెరుగుతుంది, కానీ వెనక గాడి ఎంత మసకగా కనిపిస్తుందన్నది గది వెలుతురు మీద ఆధారపడుతుంది. వెలుతురు తక్కువైతే కంటిపాప పెద్దదవుతుంది, వెనక గాడి మసక పెరుగుతుంది, సందులు మూసుకుపోతాయి. ట్యూబులైటు వెలుతురులో సాధన చేసే పిల్లలు గాడిని కాస్త వెడల్పు చేసుకోవాలి. పోటీ పిస్టళ్లకు దీన్ని మార్చుకునే మరలు ఉంటాయి. ఇక గురిని నల్ల వృత్తం నడిమధ్యన కాకుండా, దాని కింద కొంచెం తెల్లదనం వదిలి పెట్టుకోవడం మేలు. నలుపు మీద నల్ల దిమ్మె పై అంచు కనిపించదు.

వెలుతురు మాట వచ్చింది కాబట్టి ఆయుధపూజ గురించి చెప్పాలి. దసరాకు పిస్టలుకు కుంకుమ, గంధం బొట్లు పెట్టడం చూశాను. భక్తిని కాదనను. కానీ ముందు సైటు మీద పెట్టిన గంధపు చుక్క ఎండి పలుకులా నిలిస్తే సందు ఒక పక్క సన్నబడుతుంది, పైగా దీపం కాంతికి మెరుస్తుంది. మెరిసిన అంచు అసలు చోటులో ఉన్నట్టు కనిపించదు. ఆ తర్వాత వారం మార్కులు తగ్గితే దిష్టి తగిలిందని నిమ్మకాయ తిప్పుతారు! అదే పూజలో వెలిగించే కర్పూరం మాత్రం సైటుకు నిజంగా మేలు చేయగలదు. కర్పూరం మసి కాంతిని మింగేసే చిక్కటి నలుపు. మెరుపు పోవడానికి సైట్లకు ఆ మసి పట్టించడం షూటర్లలో పాత అలవాటు. బొట్టు పిస్టల్ దాచే పెట్టెకు పెట్టండి, సైటు జోలికి పోవద్దు.

ఇప్పుడు తండ్రి కళ్లు. నలభై దాటాక వచ్చే చత్వారంలో కంటి కటకం గట్టిపడి, దగ్గరకు సర్దుకునే శక్తి తగ్గుతుంది. అరవై వచ్చేసరికి దాదాపు ఒక డయాప్టరే మిగులుతుంది. చదువుకునే అద్దాలు పెట్టుకుని గురి చూడబోతే అవి 35, 40 సెంటీమీటర్ల దూరానికి చేసినవి, ముందు సైటు వాటికి అందదు. రెండు పవర్ల అద్దాలైతే కింది భాగంలోంచి చూడటానికి తల వెనక్కి వంచాలి, దానితో నిలబడే తీరే చెడుతుంది. చేయాల్సింది చాలా సులువు. చెయ్యి చాపి, కంటి నుంచి ముందు సైటు వరకు టేపుతో కొలిపించుకుని, ఆ దూరానికి ఒక అద్దం కావాలని కంటి డాక్టరును అడగాలి. తరచుగా దూరపు పవరుకు అర నుంచి ముప్పావు డయాప్టరు కలిపితే సరిపోతుంది. లక్ష్యాన్ని పూర్తిగా వదులుకోకుండా స్పష్టతను మధ్యలో నిలపవచ్చు.

రెండో ఉపాయం సన్నని రంధ్రం. కంటిపాప ముందు 1.2 మిల్లీమీటర్ల రంధ్రం పెడితే పై లెక్కలోని మసక 30 నుంచి 12 మిల్లీమీటర్లకు దిగుతుంది. అర మిల్లీమీటరుకు తగ్గిస్తే మాత్రం వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రం దాటిన కాంతి పక్కలకు పరుచుకోవడం వల్ల, కొత్త మసక మొదలవుతుంది, చీకటీ కమ్ముతుంది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. ఆ విల్లు నారిలోనే ఒక చిన్న రంధ్రం అమర్చి ఉంటుంది. నారి లాగినప్పుడు అది కంటి దగ్గరకే వస్తుంది. పిస్టల్ ఎప్పుడూ చేతి దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆ రంధ్రం షూటర్ల కళ్లజోడులోకి చేరింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తుర్కియే షూటర్ యూసుఫ్ దికేచ్ అలాంటి పరికరాలేవీ లేకుండా మామూలు కళ్లజోడుతో, రెండు కళ్లూ తెరిచి మిశ్రమ జట్టు రజతం గెలిచాడు. ఆయన పిస్టల్ మీద ఉన్నవీ గాడి, దిమ్మె సైట్లే.

ఎర్ర చుక్క సైటు అర్జునుడి రెండో పరీక్షకు దగ్గర చుట్టం. మత్స్యయంత్రం కింద నీటిలో నీడ చూసి ఆయన చేపను కొట్టాడు. నీరు సమతల దర్పణం. చేప ఎంత ఎత్తున ఉందో నీడ అంత లోతున కనిపిస్తుంది. దర్పణాన్ని వంచితే? పుటాకార దర్పణం నాభి దగ్గర దీపం పెడితే కిరణాలు సమాంతరంగా వస్తాయని పదో తరగతిలో చెప్పి, కారు హెడ్‌లైటు ఉదాహరణతో వదిలేస్తాం. ఆ సమాంతర కిరణాలకు ఎదురుగా కన్ను పెడితే ఏం కనిపిస్తుందని అడగం. దీపం అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది! ఐర్లాండుకు చెందిన టెలిస్కోపుల నిర్మాత హోవర్డ్ గ్రబ్ 1900లో దీన్ని తుపాకీ సైటుగా మలిచాడు. ఇప్పటి సైటులో చిన్న ఎల్ఈడీ, ఎర్ర కాంతిని మాత్రం వెనక్కి పంపి మిగతాది దాటనిచ్చే వంపు గాజు ఉంటాయి. లేజరులా ఇది లక్ష్యం మీద పడే చుక్క కాదు, చూసేవారి కంటికే కనిపిస్తుంది. చుక్క డయాప్టరు సున్నా, లక్ష్యానిది 0.1. రెండూ స్పష్టం. తల కొంచెం జరిగినా చుక్క లక్ష్యం మీద నుంచి దాదాపుగా కదలదు. ఈ సైటుతో మాత్రం "పిట్ట కన్నే కనిపిస్తోంది" అన్నదే సరైన జవాబు.

చత్వారం వచ్చిన కళ్లకు ఇది వరం. ఒక్క చిక్కుంది. కంటికి సిలిండర్ పవర్ (ఒక్కో దిక్కున ఒక్కో పవర్) ఉంటే చుక్క తోకలు మొలిచి కామాలా, నక్షత్రంలా కనిపిస్తుంది. కొనే ముందు కాగితానికి సూదితో పొడిచిన రంధ్రంలోంచి చూడండి. అప్పుడు గుండ్రంగా కనిపిస్తే లోపం కంటిది, అప్పుడూ చెదిరే ఉంటే సైటుది. చీకటిలో వెలిగే ట్రిటియం సైట్లు, వెలుతురు పోగుచేసే ఫైబర్ సైట్లు లైసెన్సు ఆయుధాల సంగతి, ఈ ఇంటికి అక్కర్లేదు. ట్రిటియం వెలుగు 12.3 ఏళ్లకు సగమవుతుందని తెలిస్తే చాలు.

అమ్మాయికి మాత్రం ఎర్ర చుక్క వద్దు. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీల నియమాలు గాడి, దిమ్మె సైట్లనే అనుమతిస్తాయి. ఏదో ఒకటి మసకగా ఉంటోందని ఆమె చెప్పింది నిజమే, ఉండాల్సింది కూడా అలాగే. ఈ ఆదివారం తండ్రీకూతుళ్లు టేపు పట్టుకుని ఇద్దరి కళ్ల నుంచి ముందు సైటుకు దూరం కొలిచి కాగితం మీద రాసుకోండి. మొదట ఆయన కళ్లజోడు మార్చాలి, తర్వాత ఆమె గాడి మరను అర చుట్టు వదులు చేసి చూడాలి.