పాత రికార్డులూ మారే అభిరుచులూ: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పాత గ్రామఫోను ప్లేట్లను శుభ్రం చేసి, వాటిలోని పాటను కంప్యూటరులోకి ఎక్కించి ఇవ్వడం నా వృత్తి. కావలి, కందుకూరు, ఒంగోలు, అద్దంకి వైపుల నుంచి కూడా తాతల నాటి పెట్టెలను మోసుకొచ్చేవారున్నారు. వారితో మాట్లాడుతున్నప్పుడు రికార్డుల గురించీ, వినేవారి అభిరుచి గురించీ కొన్ని అభిప్రాయాలు పదే పదే వినిపిస్తుంటాయి. వాటిలో కొన్ని ప్లేట్లను పాడుచేస్తాయి, కొన్ని మనిషిని మంచి సంగీతానికే దూరం చేస్తాయి. ఈ పనిలో నాకు గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. అభిరుచి మారిందని మనం అనుకునే సందర్భాల్లో చాలావాటిలో మారినది మన చెవి కాదు, మన చెవిన పడిన ప్రతి, అంటే ఆ పాటకు తీసిన కాపీ. కింది వివరణలన్నిటికీ ఆధారం అదే.

అపోహ: పాత రికార్డు అన్నాక గరగర తప్పదు, ఆ రోజుల్లో రికార్డింగే అంత.

వాస్తవం: కొంత గరగర ఉన్న మాట నిజమే. 78 వేగపు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే, ప్లేట్లను లక్కలో మెత్తటి రాతిపొడి కలిపి అచ్చు వేసేవారు కాబట్టి ఆ గరుకుదనం ముల్లుకు తగులుతూనే ఉంటుంది. అయితే మన ఇళ్లలో వినిపించే రొదలో పెద్ద పాలు ప్లేటుది కాదు, ముల్లుది. 78 ప్లేటు గాడి వెడల్పుగా ఉంటుంది. దానికి కొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు ఉన్న ముల్లు కావాలి. తర్వాతి కాలపు, నెమ్మదిగా తిరిగే ఎల్పీ రికార్డుల ముల్లు కొన 25 మైక్రాన్లు మించదు. పాట ఉండేది గాడి గోడల మీద. సన్నని ఎల్పీ ముల్లు ఆ గోడలను సరిగా ఆనుకోకుండా అడుగుకు దిగిపోతుంది, దశాబ్దాల దుమ్మూ, పూర్వం ఉక్కు ముళ్లు అరగదీసిన పొడీ పేరుకుపోయి ఉండేది సరిగ్గా అక్కడే. ఇప్పుడు ఆన్‌లైనులో దొరికే సూట్‌కేసు ఆకారపు ప్లేయర్లలో 78 అని ఒక మీట ఉంటుంది గానీ, చాలావాటిలో అమర్చిన ముల్లు మాత్రం ఎల్పీదే.

అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక నాటక పద్యాల ప్లేటును ఉదాహరణగా చెబుతాను. యజమాని ఇంట్లో అలాంటి ప్లేయరు మీదే విని, ఇందులో ఏమీ మిగల్లేదన్న నిర్ణయానికి వచ్చి, కేవలం తండ్రిగారి జ్ఞాపకంగా దాచమని తెచ్చారు. ప్లేటును కడిగి, తగిన ముల్లు పెట్టి, ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే స్టీరియో కార్ట్రిడ్జి నుంచి వచ్చే రెండు చానళ్లనూ కలిపి మోనోగా, అంటే ఒకే చానలుగా, వినిపించాను. అలా కలిపినప్పుడు ముల్లు పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టే రొద చాలావరకు తనంతట తానే కొట్టుకుపోతుంది, ఎందుకంటే ఈ ప్లేట్లలో పాట పక్కలకు కదిలే గాడిలోనే ఉంటుంది. అప్పుడు వినిపించినది వేరే ప్లేటా అనిపించింది. రాగం తీయబోయే ముందు నటుడు గాలి పీల్చుకోవడం, హార్మోనియం తిత్తి కదలిక, పద్యంలో ‘ధ’కారానికీ ‘ద’కారానికీ తేడా, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పద్యాలంటే గోల అని అంతవరకు అనుకున్న ఆయన కుమారుడు ఆ ప్లేటు రెండో వైపు కూడా పూర్తిగా విని వెళ్లాడు.

మరొక చిన్న విషయం: ఇప్పటి ఆంప్లిఫయర్లు 1954 ప్రాంతంలో స్థిరపడిన, అమెరికా రికార్డు కంపెనీల సంఘం వారి ఆర్‌ఐఏఏ ప్రమాణానికి తగ్గట్టు శబ్దాన్ని సవరిస్తాయి. అంతకుముందు ఒక్కో కంపెనీ మంద్ర, తార ధ్వనులను ఒక్కో కొలత ప్రకారం ముద్రించేది. ఆ సవరణను మార్చకుండా వింటే గొంతు గుహలోంచి వచ్చినట్లు ఉంటుంది.

అపోహ: వెనకటి నటుల, గాయకుల శ్రుతి ఇప్పటివారికి అందదు, రికార్డులే అందుకు సాక్ష్యం.

వాస్తవం: రంగస్థలం మీద మైకు లేని రోజుల్లో చివరి వరుసకు వినిపించేలా పాడినవారు హెచ్చు శ్రుతిలో పాడారనడంలో సందేహం లేదు. కపిలవాయి రామనాథశాస్త్రి గారి వంటివారి పద్యాలను ప్లేట్ల మీద విన్న ఎవరికైనా అది తెలుస్తుంది. కాని రికార్డు వేగాన్ని సరిచూడకుండా దాని శ్రుతిని సాక్ష్యంగా చూపించకూడదు. తొలినాటి ప్లేట్లన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్లతో ముద్రించినవి కావు. 74 నుంచి 82 దాకా తేడాలుండేవి. 74 చుట్లతో ముద్రించిన ప్లేటును 78తో తిప్పితే ఒకటి శ్రుతిలో పాడిన మనిషి దాదాపు ఒకటిన్నరలో, అంటే హార్మోనియం మీద పక్క మెట్టంత ఎత్తులో, పాడినట్లు వినిపిస్తాడు, గొంతు సన్నబడుతుంది, గమకాలు గబగబా దొర్లిపోతాయి.

దీన్ని సరిచూడటానికి నేను రెండు పద్ధతులు పాటిస్తాను. మొదటిది యంత్రానికి సంబంధించినది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపం కింద 77 గీతలున్న కాగితపు చక్రాన్ని తిప్పితే, గీతలు కదలకుండా నిలిచినప్పుడు వేగం 77.92 అని అర్థం. కొన్ని ఎల్‌ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష పనికిరాదు. పాత ఫిలమెంటు బల్బు గానీ చోకు ఉన్న ట్యూబులైటు గానీ ఉండాలి. రెండో పద్ధతి ప్లేటు సంగతి చెబుతుంది. నాటక పద్యం వెనుక హార్మోనియం ఉంటుంది, దాని మెట్లు స్థిరం. రికార్డులో వినిపించే స్వరాలన్నీ మెట్టుకూ మెట్టుకూ నడుమ పడుతున్నాయంటే వేగం తప్పి ఉండే అవకాశం ఎక్కువ. వాటిని దగ్గరి మెట్టుకు తెచ్చి, గొంతు మనిషి గొంతులా ఉందో లేదో చూస్తాను. చేతితో కీ ఇచ్చే గ్రామఫోనులో వినేవారు మరింత జాగ్రత్త పడాలి, ఎందుకంటే స్ప్రింగు డబ్బాలోని గ్రీజు గడ్డకడితే పద్యం చివరికి వచ్చేసరికి వేగమూ శ్రుతీ రెండూ జారిపోతాయి.

అపోహ: స్పిరిటుతో తుడిస్తే రికార్డు కొత్తదానిలా మెరుస్తుంది.

వాస్తవం: స్పిరిటు లక్కను కరిగిస్తుంది. 78 ప్లేటుకు అది విషం. కొబ్బరినూనె, కిరోసిను కూడా వద్దు. అవి మెరుపునిచ్చి దుమ్మును పట్టి ఉంచుతాయి. డిస్టిల్డు వాటరులో ఒకటి రెండు చుక్కల మృదువైన సబ్బు ద్రవం కలిపి, లేబుల్ తడవకుండా గాడి వెంట తుడిచి, మళ్లీ మంచి నీటితో తుడిచి ఆరబెడితే చాలు.

మన ప్రాంతంలో అసలు శత్రువులు రెండు. రోహిణి కార్తె ఎండకు, ముఖ్యంగా ఎండలో నిలిపిన కారులో, ఎల్పీలు వంకర తిరుగుతాయి. కార్తీక మాసపు ముసురులో, సముద్రపు తేమకు, ప్లాస్టిక్ సంచుల్లో బిగించి ఉంచిన ప్లేట్లకు బూజు పడుతుంది. కాగితపు కవర్లలో, గాలి ఆడే బీరువాలో, పుస్తకాల్లాగా నిలువుగా ఉంచాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు.

అపోహ: ఎల్పీ శబ్దానికి సీడీ ఎన్నటికీ సాటి రాదు.

వాస్తవం: 1982లో వచ్చిన సీడీ 16 బిట్ల లెక్కన అతి మెల్లని శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా సుమారు 96 డెసిబెల్స్ వ్యాప్తిని పట్టగలదు, మంచి ఎల్పీకి 60, 70 మధ్య దొరికితే గొప్ప. పైగా ఎల్పీలో లోపలి చుట్లకు వచ్చేసరికి గాడి ఇరుకై శబ్దం చెదురుతుంది. అయినా చాలామందికి ఎల్పీయే మెరుగ్గా వినిపించడానికి బలమైన కారణం ఒకటుంది. పాత పాటలను సీడీలుగా మార్చినప్పుడు కొందరు గరగరను పూర్తిగా తీసివేయాలనే పట్టుదలతో దానితోపాటు పాటలోని పై ధ్వనులను కూడా కోసేశారు. అలా కోసినప్పుడు ‘స’, ‘శ’ అక్షరాలు మొద్దుబారతాయి, వయొలిన్ మీద కమాను ఒరిపిడి మాయమవుతుంది. కనుక పోల్చవలసినది ఎల్పీని సీడీతో కాదు, ఒక బదిలీని, అంటే మూలం నుంచి ఒకరు తీసిన ప్రతిని, మరొక బదిలీతో. 1940ల నాటి పాటలో గరగర ఏ మాత్రమూ వినిపించకపోతే నేను సంతోషించను, ఏం పోయిందోనని వెతుకుతాను.

అపోహ: వయసు పెరిగితే అభిరుచి దానంతటదే పాత పాటల వైపు, శాస్త్రీయ సంగీతం వైపు తిరుగుతుంది.

వాస్తవం: వయసు చెవిలో మార్పు తెస్తుంది గానీ అది మరో రకం మార్పు. మొదట తగ్గేది పై ధ్వనులను వినే శక్తి. కొత్త పాటల్లో మాట తెలియడం లేదని పెద్దలు చెప్పే ఫిర్యాదులో ఆ తగ్గుదలకూ కొంత పాత్ర ఉంది. గొంతును ముందుంచి, వాద్యాలను వెనక ఉంచి రికార్డు చేసిన పాత పాట వారికి సులువుగా అందుతుంది. అందినది నచ్చుతుంది. అభిరుచి ఎదగడం ఇందుకు వేరు, దానికి దారి మంచి ప్రతిని శ్రద్ధగా వినడమే.

నెల్లూరులో పెరిగిన మా తరానికి తొలి అభిమానం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు. హరికథా విద్వాంసులు సాంబమూర్తి గారి కుమారుడిగా ఈ ఊరి మనిషి ఆయన. 1966లో కోదండపాణి గారి సంగీతంలో తొలి సినిమా పాట పాడిన గొంతు మా చిన్నతనానికి ప్రతి వీధిలోనూ వినిపించేది. తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని 2020లో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించినప్పుడు ఊరంతా అది తమ ఇంటి విషయంగానే భావించింది. ఆ పాటలను మేము కొత్త రికార్డుల నుంచి, కొత్త క్యాసెట్ల నుంచి విన్నాం. ఘంటసాల గారిని విన్నది అలా కాదు. పాటల జాబితా కాగితం మీద రాసి ఇస్తే సి-60, సి-90 (అరవై, తొంభై నిమిషాల) క్యాసెట్లలో ఎక్కించి ఇచ్చే దుకాణాలు ఉండేవి. అక్కడ దొరికేది ప్రతికి ప్రతి, దానికి ఇంకో ప్రతి. టేపు నుంచి టేపుకు మారిన ప్రతిసారీ రొద పెరుగుతుంది, పై ధ్వనులు తగ్గుతాయి. 1974లో కన్నుమూసిన ఆ మహాగాయకుని గొంతు మా తరంలో చాలామందికి బరువుగా, మందంగా తోచడానికి అదే కారణం. ఈ వృత్తిలోకి వచ్చాక 78 ప్లేట్ల మీద, తగిన ముల్లుతో విన్నప్పుడు ఆ గొంతులోని వెలుగు తెలిసింది. ఒత్తు అక్షరాన్ని ఒత్తినట్లు తెలియకుండా ఒత్తడం, చరణం చివర శ్వాసను దాచుకోవడం అప్పుడే వినిపించాయి. అప్పటి నుంచి ఆయన ప్లేట్లు నాకు అత్యంత ఇష్టమైనవి.

సన్నాయి విషయం ఇంకా స్పష్టమైనది. పెళ్లిపందిట్లో లౌడ్‌స్పీకరు కొమ్ములోంచి వచ్చే సన్నాయిని విన్నవారికి అది పెద్ద శబ్దంగానే మిగిలిపోతుంది. ఆరుబయట వినిపించడానికి పుట్టిన వాద్యానికి మైకును ఊదే పీక దగ్గర పెట్టడమే ఆ అన్యాయానికి మూలం. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టి, నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల వద్ద తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు పొందిన షేక్ చినమౌలానా గారి రికార్డు ఒక్కటి వినండి. స్వరం మీద స్వరం పడకుండా రాగాన్ని నిదానంగా విప్పడం, ఊపిరి తగ్గించి వాద్యాన్ని గొంతులాగా పలికించడం, డోలు ఆగినప్పుడు శ్రుతి ఒక్కటే నిలిచి ఉండటం అందులో తెలుస్తాయి. ప్రకాశం జిల్లా నుంచి నా దగ్గరకు వచ్చేవారిలో కరవది పేరు తెలిసినవారు చాలామంది ఉన్నారు గానీ, ఆయన వాద్యాన్ని నిశ్శబ్దమైన గదిలో కూర్చుని విన్నవారు తక్కువ. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అపోహ: సినిమాలో విన్నదే అసలు పాట; రికార్డులోది కుదించినది.

వాస్తవం: రెండూ వేర్వేరు రూపాలు. పది అంగుళాల 78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ నిడివికి సరిపోయేలా చరణాలు తగ్గించినవి ఉన్నాయి, ఒకే పాటను రెండు వైపులా పంచినవీ ఉన్నాయి. శబ్దం సంగతికి వస్తే సినిమా రీలు అంచున ఉండే శబ్దపు చార కంటే మంచి స్థితిలో ఉన్న ప్లేటు చాలాసార్లు మెరుగ్గా ఉంటుంది. ఉన్నంతలో రెండింటినీ దాచుకోవాలి.

అపోహ: పాతదైతే లక్షలు పలుకుతుంది.

వాస్తవం: వయసును బట్టి వెల రాదు. ఎన్ని ప్రతులు మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నదే ముఖ్యం. ఘంటసాల భగవద్గీత ఇంటింటికీ చేరిన రికార్డు కాబట్టి ఇప్పటికీ సులభంగా దొరుకుతుంది. ఎవరూ పట్టించుకోని ఒక నాటక పద్యాల ప్లేటే ఒక్కోసారి అరుదైనదిగా తేలుతుంది.

అపోహ: కంప్యూటరులోకి ఎక్కించాక ప్లేటు అక్కర్లేదు.

వాస్తవం: ఫైలు ఒక రోజున, ఒక ముల్లుతో, ఒక మనిషి తీసిన ప్రతి మాత్రమే. రేపు ఇంతకంటే తగిన ముల్లు, మెరుగైన సాధనం రావచ్చు. అప్పుడు మళ్లీ మొదలుపెట్టడానికి ప్లేటు ఉండి తీరాలి. ఎంపీ3 ఫోనులో వినడానికి బాగుంటుంది గానీ దాచడానికి పనికిరాదు. దాచే ప్రతిని 24 బిట్లతో, 96 కిలోహెర్ట్జ్‌తో, గరగర తీయకుండా ఉన్నదున్నట్లు ఎక్కించి, శుభ్రం చేసిన ప్రతిని వేరుగా ఉంచాలి. ఎవరి చేత చేయించుకున్నా ఈ రెండు ఫైళ్లనూ అడిగి తీసుకోండి. వాటితోపాటు లేబుల్ రెండు వైపుల ఫొటో, లేబుల్ పక్కన నల్లటి భాగంలో చెక్కి ఉండే మాట్రిక్స్ సంఖ్య (ఆ రికార్డింగును గుర్తించే సంఖ్య), తిప్పిన వేగం, వాడిన ముల్లు కొలత ఒక కాగితం మీద రాయించుకుని ఆ ప్లేటు కవరులోనే ఉంచండి.