ఆటలో అరటిపండు ఉండకూడదంటే

మొన్న ఆదివారం పొద్దున మా కాలనీ మైదానంలో పిల్లల ఫుట్‌బాల్ చూస్తూ కూర్చున్నాను. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది, అందరూ ఆరేడేళ్ల వాళ్లే. మైదానం మాత్రం పెద్దవాళ్లది, గోల్‌పోస్టులూ పెద్దవాళ్లవే. బంతి ఎటు పోతే అటు, బెల్లం చుట్టూ ఈగల్లా పదిహేను మంది. మిగిలినవాళ్లలో ఒకడు గోల్‌పోస్టు పట్టుకుని ఊగుతున్నాడు. ఇంకొకడు గీత పక్కన కూర్చుని గడ్డి పీకుతున్నాడు. ఆటలోకి చేర్చుకున్నట్టే చేర్చుకుని లెక్కలోకి తీసుకోని పిల్లాడిని మనం ‘ఆటలో అరటిపండు’ అంటాం కదా, వాడు సరిగ్గా అదే. అయితే తప్పు వాడిది కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇరవై రెండు మందికి బంతి ఒక్కటే. నలభై నిమిషాల ఆటలో అందరికీ సమానంగా పంచినా ఒక్కొక్కరి వాటాకు రెండు నిమిషాలు కూడా రావు. చురుకైన నలుగురూ ఎక్కువ తీసుకుంటారు కాబట్టి గడ్డి పీకేవాడికి కొన్ని సెకన్లే మిగులుతాయి. అదే ఇద్దరికి ఇద్దరు ఆడితే? నలుగురికి ఒక బంతి, ఒక్కొక్కరికి పది నిమిషాలు. బంతి కాలికి తగలకుండా ఫుట్‌బాల్ నేర్చుకోవడం నీళ్లలో దిగకుండా ఈత నేర్చుకోవడమే.

ఈ లెక్కను జర్మనీ చాలా గట్టిగా పట్టుకుంది. 2018, 2022 ప్రపంచకప్‌లలో ఆ జట్టు వరుసగా తొలి దశలోనే ఇంటికి వచ్చేసింది. సంస్కరణ మాత్రం చిన్నపిల్లల దగ్గర మొదలైంది. 2024-25 సీజన్ నుంచి అక్కడ ఏడేళ్లలోపు వాళ్లకు ఇద్దరికి ఇద్దరు లేదా ముగ్గురికి ముగ్గురు, తొమ్మిదేళ్లలోపు వాళ్లకు ముగ్గురు లేదా ఐదుగురు, పదకొండేళ్లలోపు వాళ్లకు ఐదుగురు లేదా ఏడుగురు చొప్పున ఆడించడం తప్పనిసరి చేశారు. అందరికంటే చిన్నవాళ్ల మైదానానికి గోల్‌కీపర్ ఉండడు, రెండు వైపులా రెండేసి చొప్పున నాలుగు చిన్న గోల్‌పోస్టులు ఉంటాయి. దీని వెనుక ‘ఫునినో’ అనే ఆట ఉంది. హాకీ నుంచి ఫుట్‌బాల్‌కు వచ్చిన జర్మన్ కోచ్ హోర్స్ట్ వైన్ తయారుచేశాడు. ఇంగ్లిష్‌లో ఫన్, స్పానిష్‌లో పిల్లాడు అనే అర్థమున్న నీన్యో, రెండూ కలిపిన పేరు.

నాలుగు గోల్‌పోస్టులు ఎందుకంటారా? ఒక్కటే ఉంటే అందరూ దాని ముందే గుంపు కడతారు. రెండుంటే, ఒకవైపు దారి మూసుకుపోయినప్పుడు పిల్లాడు తల ఎత్తి రెండో వైపు చూడాలి. ‘తల ఎత్తరా’ అని కోచ్ గొంతు చించుకోనక్కర్లేదు, ఆటే ఎత్తిస్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే.

పక్కపక్కనే చాలా చిన్న మైదానాలు గీసి, గెలిచిన జట్టును ఒక మైదానం పైకి, ఓడినదాన్ని ఒకటి కిందికి పంపుతారు. రెండు మూడు ఆటలయ్యేసరికి సరిసమానమైన వాళ్లు ఎదురెదురు పడతారు. ఈ వయసులో పాయింట్ల పట్టిక ఉండదు. దీని మీద జర్మనీలోనే గొడవ జరిగింది, డార్ట్‌మండ్ క్లబ్ అధిపతి వాట్స్‌కే 2023లో బహిరంగంగా విమర్శించాడు. ఓటమి రుచి తెలియకపోతే పిల్లలు గట్టిపడరని ఆ వాదన సారాంశం. నేను ఒప్పుకోను. గోల్ పడిందో లేదో, ఎవరు గెలిచారో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టిక తీసేస్తే పోయేది గట్టున నిలబడ్డ పెద్దవాళ్ల టెన్షన్.

ఎంతమందితో ఆడాలన్నది మెదడు మోయగలిగే బరువుకు కూడా సంబంధించిన ప్రశ్నే. ముగ్గురున్న జట్టులో బంతి ఇచ్చిపుచ్చుకోగల ఇద్దరిద్దరి జతలు మూడే. ఐదుగురైతే పది, ఏడుగురైతే 21, తొమ్మిది మందైతే 36, పదకొండు మందైతే 55. ఆరేళ్ల పిల్లాడు బంతినీ తన కాలినీ ఒకేసారి చూసుకోవడానికే తంటాలు పడుతుంటాడు. గుంపుగా బంతి వెంట పరిగెత్తడం క్రమశిక్షణ లేకపోవడం కాదు, ఆ వయసు సహజం. అందుకే అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య కూడా 2017 నుంచి ఎనిమిదేళ్ల వరకు నలుగురు, ఆ తర్వాత ఏడుగురు, పదకొండు పన్నెండేళ్లకు తొమ్మిది మంది అని మెట్లు కట్టింది. పూర్తి జట్టు ఆట ఆ తర్వాతే. పదేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకు తలతో బంతి కొట్టడం అక్కడ నిషేధం.

కొలతలన్నీ సరిచేసినా ఒక అన్యాయం మిగిలే ఉంటుంది, అది పుట్టిన నెల. వయసు లెక్క జనవరి 1తో మొదలైతే, జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టు. ఆరేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే అప్పటిదాకా బతికిన కాలంలో దాదాపు ఆరోవంతు! పెద్దగా కనిపించినవాడిని ‘టాలెంట్’ అని ఎంచుకుంటాం, ఎంపికైనవాడికి మంచి కోచింగ్ దొరుకుతుంది, చివరికి వాడే నిజంగా ముందుంటాడు. బెల్జియంలో 1997లో ఈ గీతను ఆగస్టు 1 నుంచి జనవరి 1కి జరిపితే, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పుట్టినవాళ్ల ఆధిక్యం పోయి జనవరి నుంచి మార్చి దాకా పుట్టినవాళ్లది వచ్చిందని పరిశోధకులు చూపించారు. పైగా అబ్బాయిలు సగటున పద్నాలుగేళ్ల దగ్గర, అమ్మాయిలు పన్నెండేళ్ల దగ్గర ఒక్కసారిగా పొడుగవుతారు. ఇది కొందరికి రెండేళ్లు ముందు, కొందరికి రెండేళ్లు ఆలస్యం. పన్నెండేళ్లకే ‘వీడికి రాదు’ అని తేల్చేస్తే ఆలస్యంగా ఎదిగేవాడు బయటే ఉండిపోతాడు.

ఆటనే పాఠంగా మలచడం విదేశాల నుంచి వచ్చిన కొత్త సంగతేమీ కాదు. మన హైదరాబాద్‌లోనే బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ ఉండేవారు. 1951లో, 1962లో భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కోచ్. ఆయన ఇక్కడ ఆటగాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి వెంటనే ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఇంకొకదానిలో రెండో కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాడు ఎడమకాలితో. నియమం ఒక్కటి మార్చి చూస్తే నేర్చుకోవాల్సినది దానంతట అదే బయటికొస్తుంది.

ఆదివారం ఆట అయ్యాక ఆ పిల్లల కోచ్ కుర్రాడితో కాసేపు మాట్లాడాను. వచ్చే వారం ఇరవై మీటర్ల పొడవు, పదహారు మీటర్ల వెడల్పున ఐదారు చిన్న మైదానాలు సున్నంతో గీద్దామన్నాడు. గోల్‌పోస్టులు కొనక్కర్లేదు, ఒక్కో గోల్‌కు రెండు చెప్పులు చాలు. పెద్దవాళ్ల 5వ నంబరు బంతి బదులు తేలికైన 3వ నంబరువి. గోల్ పడిన ప్రతిసారీ ఒకడు బయటికి, ఒకడు లోపలికి. గడ్డి పీకిన పిల్లాడి పేరు అడిగితే, లిస్టులో చూసి చెప్పాడు.