నర్వ్ బ్లాక్ వివాదం: ముడి పడింది 2001లో

ముదిరిన పార్కిన్సన్స్ (ఒళ్ళు వణికి, బిగుసుకుపోయే మెదడు జబ్బు)కు మెడ దగ్గర నర్వ్ బ్లాక్, అంటే నరాల పనిని కాసేపు ఆపే మత్తు ఇంజెక్షన్ ఇస్తే బిగుసుకున్న ఒళ్ళు సడలుతుందా, ఆగిపోయిన అడుగు పడుతుందా అన్న చర్చ మళ్ళీ రాజుకుంది. ఇంజెక్షన్ తర్వాత లేచి నడిచిన మనిషి వీడియోలో కళ్ళెదుట ఉంటే ఇంకా పరీక్షలెందుకని కొందరు అడుగుతున్నారు. సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చి పోల్చి చూడనిదే ఏమీ తేలదని మరికొందరు అంటున్నారు. ఈ జబ్బుకు వాడే లెవోడోపా మందు ఎలా వచ్చింది, మెదడులో ఎలక్ట్రోడ్లు ఎలా వచ్చాయి అన్నది చాలామందికి తెలిసిందే కాబట్టి అక్కడికి వెళ్ళను. ఈ గొడవ వేళ్ళు 2001 మార్చిలో అచ్చయిన ఒక ఫలితంలో ఉన్నాయి.

ఈ జబ్బులో మెదడుకు కొరవడే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తుందన్న ఆశతో, అప్పటికి పదేళ్ళకు పైగా పిండ కణజాలాన్ని రోగుల మెదడులో నాటుతున్నారు. స్వీడన్‌లోని లుండ్ నుంచి వచ్చిన కొన్ని ఫలితాలు నిజంగానే ఆశ కలిగించాయి. అమెరికాలో కర్ట్ ఫ్రీడ్ బృందం ఒక అడుగు ముందుకేసి 40 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసింది. 20 మందికి కణాలు నాటారు. మిగతా 20 మందిని కూడా ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు, నుదుటికి మత్తిచ్చారు, మనిషి మెలకువగా ఉండగానే పుర్రెకు రంధ్రాలు వేశారు. మెదడు పొరను మాత్రం దాటలేదు. తనకు జరిగింది ఏదో రోగికి తెలియదు.

ఏడాది తర్వాత మీకెలా ఉందని అడిగితే రెండు గుంపుల జవాబుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అరవై లోపు వయసువాళ్ళలో కదలికలు కొంత మెరుగయ్యాయి. కానీ కణాలు నాటించుకున్నవాళ్ళలో 15 శాతం మందికి తర్వాత ఒళ్ళు మెలికలు తిరిగే కదలికలు మొదలై, మందు తగ్గించినా ఆగలేదు.

అసలు పాఠం 2004లో బయటికొచ్చింది. అదే రోగుల జీవన నాణ్యతను విడిగా లెక్కగట్టిన సింథియా మెక్‌రే బృందానికి, నిజంగా ఏ సర్జరీ జరిగిందన్న దానికంటే ఏది జరిగిందని రోగి నమ్మాడన్నదే ఎక్కువ ప్రభావం చూపినట్టు కనిపించింది. ఏళ్ళ తరబడి ఒంటికి శ్రమ లేకుండా ఉండిపోయిన ఒకావిడ ఆపరేషన్ తర్వాత కొండలెక్కింది, మంచు మీద స్కేటింగ్ కూడా చేసింది. ఆవిడకు జరిగింది ఉత్తుత్తి సర్జరీ.

ఆవిడ నటించిందని నేను ఒక్క క్షణం కూడా అనుకోను. 2001లోనే వాంకూవర్ పరిశోధకులు పార్కిన్సన్స్ రోగులకు ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చి మెదడును స్కాన్ చేస్తే, మందు పడిందన్న ఆశకే డోపమిన్ విడుదలైంది. ఈ జబ్బులో కొరవడేది ఏ రసాయనమో, ఆశ వల్ల మెదడులో విడుదలయ్యేదీ అదే. అందుకే మిగతా చాలా జబ్బులకంటే ఇక్కడ కళ్ళతో చూసిన సాక్ష్యం ఎక్కువగా మోసం చేస్తుంది.

అవతలి వాదనా ఉంది. రోగికి ఏ మేలూ చేయని రంధ్రం పుర్రెకు వేయడం అన్యాయమని నీతిశాస్త్రవేత్త రూత్ మాక్లిన్ 1999లోనే రాశారు. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. అయితే పోలిక లేకుండా ముందుకెళ్తే ఏమవుతుందో జీడీఎన్ఎఫ్ చూపించింది. ఈ ప్రొటీన్‌ను 2003లో బ్రిస్టల్‌లో ఐదుగురి మెదడులోకి పంపితే కదలికల స్కోరు 39 శాతం మెరుగైంది. తర్వాత 34 మందితో ఉత్తుత్తి మందు పెట్టి పోల్చితే తేడా తేలలేదు. 2004లో కంపెనీ ఆపేసింది. మాకు బాగుంది, ఆపొద్దంటూ కొందరు రోగులు కోర్టుకెళ్ళి ఓడిపోయారు. వాళ్ళ బాధ నిజం. మొదటి ఐదుగురి కథను అంత గట్టిగా చెప్పకుండా ఉంటే ఆ బాధ కొంతైనా తగ్గేది.

ఇక సూది సంగతి. మత్తుమందుతో పార్కిన్సన్స్‌ను పట్టే ప్రయత్నం కొత్తది కాదు. 1950ల్లో జపాన్‌లో నరబయాషి మెదడు లోతుల్లోకే ప్రొకెయిన్ ఎక్కించారు. ఇప్పుడు మాట్లాడుతున్న స్టెల్లేట్ గాంగ్లియాన్ బ్లాక్‌లో సూది మెడలో, వెన్నుపూస పక్కనున్న సింపథెటిక్ నరాల (గుండె వేగం, చెమట లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే నరాల) ముడి దగ్గర ఆగుతుంది. పుర్రెను తొలిచే పని లేదు. చర్మం కింద ఉప్పునీరు ఎక్కించినా ఉత్తుత్తి ఇంజెక్షనే అవుతుంది కాబట్టి, మాక్లిన్ అభ్యంతరానికి ఇక్కడ అంత బలం లేదు.

చిక్కల్లా కనురెప్పతో. బ్లాక్ సరిగ్గా పడితే ఆ వైపు రెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, ముఖం వెచ్చబడుతుంది. అద్దం చూసుకుంటే చాలు, రోగికి తెలిసిపోతుంది. డాక్టరుకూ తెలుస్తుంది. నడకను వీడియో తీసి, ముఖం కనపడకుండా చేసి, బయటివాళ్ళతో మార్కులు వేయించవచ్చు. చేతులు బిగుసుకోవడాన్ని మాత్రం ఎవరో ఒకరు పట్టుకుని వంచి చూడాల్సిందే. అది వీడియోలో దొరకదు.

ముదిరిన దశలో ఇంకో భయం ఉంది. ఈ మందు పక్కనున్న గొంతు నరానికి తాకితే కొన్ని గంటలు గొంతు బొంగురుపోతుంది, మింగడం కష్టమవుతుంది. మింగడానికే అవస్థ పడే రోగికి గుటకెడు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయినా ముప్పే. లేచి నిలబడగానే బీపీ పడిపోయేవాళ్ళూ ఈ దశలో ఎక్కువే. వీడియోలో నడిచిన మనిషి ఆ రాత్రి అన్నం ఎలా మింగాడో ఎవరూ చూపించరు.

ఫ్రీడ్ పరీక్షలో ఉత్తుత్తి గుంపువాళ్ళకు, కావాలంటే తర్వాత కణాలు నాటుతామని ముందే మాటిచ్చారు. 14 మంది నాటించుకున్నారు. నర్వ్ బ్లాక్ పరీక్ష పెట్టేవాళ్ళు ఆ మాటా ఇవ్వాలి, ఇంకొక పనీ చేయాలి: ఫలితాల కవరు విప్పకముందే, తనకు పడింది అసలుదో ఉత్తుత్తిదో ప్రతి రోగి చేతా ఒక కాగితం మీద రాయించాలి.