వృత్తానికి నాలుగు చోట్ల నొక్కులెందుకు?

నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు అల్యూమినియం బిళ్ల ఫొటో పంపారు. ఇంటి వెనక షెడ్డులో ఉన్న పాత మిల్లింగ్ మిషన్‌కు మోటార్లు బిగించి, కంప్యూటర్‌తో నడిపించి కోసిన మొదటి గుండ్రటి బిళ్ల అది. "చతురస్రం కోస్తే చక్కగా వస్తోంది. వృత్తం కోస్తే నాలుగు చోట్ల నొక్కేసినట్టు వస్తోంది. ప్రోగ్రాములో తప్పా, మోటార్లకు బలం చాలడం లేదా?" అని ఆయన ప్రశ్న. ఫొటో పెద్దది చేసి చూస్తే నొక్కులు కచ్చితంగా తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం దిక్కుల్లో ఉన్నాయి. బలం చాలని మోటారు ఇంత పద్ధతిగా దిక్కులు చూసుకుని తప్పు చేయదు.

మోటారు ఎంత పెద్దది కొనాలి, డ్రైవరుకు వైర్లు ఎలా కలపాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అన్న సంగతుల జోలికి నేను పోను. వాటి మీద కావలసినన్ని వీడియోలు ఉన్నాయి, పైగా అందులో పెద్ద మజా కూడా లేదు. మజా అంతా ఆ నాలుగు నొక్కుల్లోనే ఉంది.

మిల్లింగ్ మిషన్‌లో కట్టర్ ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, పని ముక్కను మోసే టేబుల్ దాని కింద జరుగుతుంది. ఆ టేబుల్ కింద దాన్ని జరిపే పొడవాటి లీడ్ స్క్రూ ఉంటుంది. టేబుల్‌కు సంబంధించిన నట్ దాని మీద నడుస్తుంది. స్క్రూ మరకూ నట్ మరకూ మధ్య కాస్త సందు ఉండి తీరాలి, లేకపోతే నూనె పొరకు చోటుండదు, స్క్రూ తిరగదు. వాడేకొద్దీ గన్‌మెటల్ నట్ అరిగి సందు పెరుగుతుంది. స్క్రూ ఒకవైపు తిరుగుతున్నంతసేపూ మరకు ఉన్న ఒక చెంప నట్‌ను తోస్తూ ఉంటుంది. దిశ మారిస్తే ఆ చెంప వదిలేసి అవతలి చెంప వెళ్లి నట్‌కు తగలాలి. తగిలేదాకా స్క్రూ తిరుగుతుంది, టేబుల్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పాత లారీలో స్టీరింగ్‌ను బెత్తెడు తిప్పినా చక్రాలు కదలకపోవడం చూసే ఉంటారు, ఇదీ అదే. పుస్తకాల్లో దీని పేరు బ్యాక్‌లాష్, షెడ్డుల్లో అందరూ అనేది ప్లే.

చేత్తో హ్యాండిల్ తిప్పే పనివాడికి ఈ ప్లే ఒక సమస్యే కాదు. బాలానగర్ షెడ్డుల్లో ఏ పాత మిల్లర్ పక్కనైనా నిలబడి చూడండి. కొలత దాటిపోతే హ్యాండిల్ మీది గీత దగ్గరికి నేరుగా వెనక్కి రాడు. అరచుట్టు అదనంగా వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు వచ్చి ఆ గీత మీద ఆపుతాడు. హ్యాండిల్ వదులుగా తిరుగుతున్న క్షణం, మర బిగిసిన క్షణం రెండూ వేళ్లకు తెలుస్తాయి. ఐటీఐల్లో బ్యాక్‌లాష్‌కు ఒక వాక్యం నిర్వచనం రాయించి మార్కులు వేస్తారు. ఆ వెనక్కి తిప్పి ముందుకు రావడాన్ని పిల్లవాడి చేత ఓ గంట చేయిస్తే నిర్వచనం రాయించే అవసరమే ఉండదు.

అడుగు అడుగుగా తిరిగే స్టెప్పర్ మోటారుకు వేళ్లు లేవు. ఒక చుట్టుకు 200 అడుగులు, ఒక్కో అడుగును ఎనిమిది భాగాలు చేస్తే 1600 పల్స్‌లు. స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. నడిపితే ఒక పల్స్‌కు 0.003125 మి.మీ. ఈ అంకె చూసుకుని మురిసిపోయేవాళ్లను చాలామందిని చూశాను. అది స్క్రూ తిరిగే లెక్క, టేబుల్ కదిలిందా లేదా అన్నది ఆ లెక్కలో ఎక్కడా లేదు. కంప్యూటర్ పల్స్‌లు పంపి, పని అయిపోయిందనుకుంటుంది.

ఇక వృత్తం సంగతి. కట్టర్ కేంద్రం 25 మి.మీ. వ్యాసార్థంతో గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి, ఎక్స్, వై రెండింటిలోనూ ప్లే 0.2 మి.మీ. ఉందనుకుందాం. తూర్పు బిందువు దగ్గర ఎక్స్ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరగాలి. మోటారు వెనక్కి తిరిగింది, కానీ మొదటి 0.2 మి.మీ. సందు దాటడానికే పోతుంది. ఆ లోపు వై ఊరుకోదు, పూర్తి వేగంతో పైకి పోతూనే ఉంటుంది. అంటే కట్టర్ వంపు తిరగాల్సిన చోట నిట్టనిలువుగా సరళరేఖ కోస్తుంది. ఎంత పొడవు? వృత్తం శిఖరం దగ్గర ఎక్స్ దాదాపు మారదు, 0.2 మి.మీ. వెనక్కి రావడానికి చాలా దూరం పోవాలి. పైథాగరస్‌ను పిలిస్తే చాలు. 25ను రెండింతలు చేసి 0.2తో గుణిస్తే 10, అందులోంచి 0.2 వర్గం, అంటే 0.04 తీసేస్తే 9.96, దాని వర్గమూలం 3.16.

వెంట్రుకను రెండు మూడు పక్కపక్కన పెట్టినంత సందుకు మూడు మిల్లీమీటర్లు దాటిన నొక్కు! మన పాఠకుడి బిళ్ల మీద కనిపించింది ఇదే. నొక్కు దిక్కు బిందువుకు రెండువైపులా సమంగా ఉండదు, దిశ మారిన తర్వాతి వైపునే ఉంటుంది. కాబట్టి బిళ్లను చూసి కట్టర్ ఎటు తిరిగిందో కూడా చెప్పేయవచ్చు.

ఈ వర్గమూలం దగ్గర ఇంకాస్త ఆగాలి, అందరినీ ఏడిపించేది అదే. ప్లేని 0.2 నుంచి 0.05కు తగ్గించారనుకోండి, అంటే నాలుగో వంతుకు. నొక్కు 1.58 మి.మీ. అయింది, సగమే తగ్గింది. 0.02కు తెస్తే ఒక మిల్లీమీటరు. చెమటోడ్చి 0.01కు తెస్తే 0.7 మి.మీ. ప్లే ఇరవయ్యో వంతుకు పడిపోయినా నొక్కు పొడవు నాలుగున్నర రెట్లే తగ్గింది. మెరుగు పెట్టిన అల్యూమినియం మీద వెలుతురు ఏటవాలుగా పడితే ఆ 0.7 కూడా కనిపిస్తుంది. వృత్తం పెద్దదైతే నొక్కు ఇంకా సాగుతుంది. 100 మి.మీ. వ్యాసార్థానికి అదే 0.2 ప్లే 6.3 మి.మీ. నొక్కు పెడుతుంది. అయితే లోతు లెక్క వేరు, అది ప్లేని ఎప్పుడూ మించదు. కంటికి పెద్దగా కనిపించే తప్పు కొలతలో చిన్నదే కావచ్చు. షాఫ్ట్ కూర్చునే రంధ్రమైతే పట్టించుకోవాలి, బల్ల మీద పెట్టుకునే అలంకారమైతే ఎమరీ కాగితం చాలు.

ఇందులోనే ఒక మంచి పరీక్ష దాగుంది. రెండు అక్షాల్లో ప్లే సమానంగా ఉంటే, బిళ్లను ఎక్స్ వెంట, వై వెంట వెర్నియర్‌తో కొలిచినప్పుడు 0.2 తక్కువ వస్తుంది. 45 డిగ్రీల ఏటవాలులో రెండువైపులా కొలిస్తే పూర్తి కొలత వస్తుంది. నొక్కులు లేకుండా ఎక్స్ కొలత, వై కొలత వేరువేరుగా వస్తే మిల్లీమీటరుకు ఇన్ని పల్స్‌లు అని ఇచ్చిన అంకె ఒక అక్షంలో తప్పు. నొక్కులు లేకుండా ఒక ఏటవాలు పెరిగి, రెండోది తగ్గితే టేబుల్ జారే దారులు, అంటే రెండు స్లైడ్లు, ఒకదానికొకటి లంబంగా లేవు. అన్నట్టు, పాఠకుడి చతురస్రం కూడా సరిగ్గా వచ్చి ఉండదు. గీతలు నిటారుగా ఉన్నాయి కాబట్టి కన్ను మోసపోయింది. కొలిస్తే దానికీ ప్రతి భుజంలో 0.2 లోపిస్తుంది.

సందు ఉందని తేలింది, ఎక్కడుందో తేలలేదు. చాలామంది నేరుగా నట్‌ను అనుమానించి, గోళీల మీద నడిచే కొత్త బాల్ స్క్రూకు డబ్బు పోసి, ఆ తర్వాత అదే నొక్కు చూసి తల పట్టుకుంటారు. మ్యాగ్నెటిక్ స్టాండును మిషన్ కాలమ్‌కు పెట్టి, చిన్న కదలికను ముల్లుతో చూపే డయల్ గేజి ముక్కును టేబుల్ చివరకు ఆనించండి. ఒకే దిశలో 0.01 చొప్పున నడుపుతూ, ముల్లు ప్రతి అడుగుకూ కదలడం మొదలయ్యాక సున్నా చేయండి. ఇప్పుడు వెనక్కి 0.01 చొప్పున నడపండి. ముల్లు కదలకుండా పోయిన దూరమే మొత్తం ప్లే. తర్వాత టేబుల్‌ను అరచేత్తో నెట్టి వదలండి. ముల్లు జరిగి అక్కడే ఉండిపోతే అది నిజమైన సందు. వదలగానే తిరిగి వచ్చేస్తే ఏదో భాగం స్ప్రింగులా వంగుతోంది, నట్ మార్చినా అది పోదు.

ఇప్పుడు అసలు తమాషా. స్క్రూ చివర లేతు సెంటర్ కోసం వేసిన చిన్న గుంట ఉంటుంది. అందులో చిటికెడు గ్రీజు పెట్టి, సైకిల్ బేరింగులోని ఉక్కు గోళీ ఒకటి అతికించండి. చదునైన ముక్కు ఉన్న డయల్‌ను దానికి ఆనించి, దిశ మారుస్తూ తిప్పండి. స్క్రూ తిరగాలే గానీ ముందుకూ వెనక్కూ జరగకూడదు. ముల్లు 0.1 కదిలిందంటే మొత్తం 0.2లో సగం నట్‌ది కానే కాదు, స్క్రూను పట్టుకున్న బేరింగుది. మామూలు బాల్ బేరింగు స్క్రూ పొడవునా వచ్చే తోపును అంతగా ఆపలేదు. ఏటవాలుగా బరువు మోసే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు రెండింటిని వీపు వీపు కలిపి, లాక్‌నట్‌తో బిగించాలి. ఈ బిగింపు ఒక కొసనే. రెండో కొసను పొడవునా జరగనివ్వాలి. అర మీటరు ఉక్కు స్క్రూ పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.06 మి.మీ. సాగుతుంది, రేకు షెడ్డులో మే నెల మధ్యాహ్నం పది డిగ్రీలు ఒక లెక్కా!

మోటారును స్క్రూతో కలిపే కప్లింగులో గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న బిగింపు స్క్రూ) వదులైనా ఇదే రోగం కనిపిస్తుంది. స్లైడులో సందు లేకుండా బిగించే పట్టీ, అంటే గిబ్, వదులైతే టేబుల్ కొద్దిగా మెలి తిరిగి, డయల్ పెట్టిన చోటును బట్టి అంకె మారుతుంది. ఇవి రెండూ స్పానరుతో, అలెన్ కీతో పోయే జబ్బులు.

నిజంగా నట్టే దోషి అని తేలాక, రెండుగా చీల్చిన గన్‌మెటల్ నట్‌ను దగ్గరికి లాగి సందు మూయడం పాత పద్ధతి. కొత్త స్క్రూకు ఇది బాగానే ఉంటుంది. పాత మిషన్‌లో పనంతా టేబుల్ మధ్యలో జరిగి ఉంటుంది కనుక స్క్రూ కూడా మధ్యలోనే అరిగి ఉంటుంది. మధ్యలో సరిపోయేలా బిగిస్తే కొసల్లో పట్టేస్తుంది, కొసల్లో తిరిగేలా వదిలితే మధ్యలో ప్లే మిగులుతుంది. అందుకే బాల్ స్క్రూ. మర గాడిలో ఉక్కు గోళీలు దొర్లుతూ ఒక కొస నుంచి బయటకు వచ్చి, గొట్టంలోంచి తిరిగి మొదటికి చేరుతాయి. 1940 ప్రాంతంలో జనరల్ మోటార్స్ కార్ల స్టీరింగ్ పెట్టెలోకి వచ్చిన ఏర్పాటు ఇదే. రాపిడి దొర్లుడుగా మారడంతో ఇచ్చిన శక్తిలో 90 శాతం దాకా పనికి అందుతుంది, మామూలు మర స్క్రూలో సగానికి పైగా వేడిగా పోతుంది.

అయితే బాల్ స్క్రూ అన్నంత మాత్రాన ప్లే మాయం కాదు. చౌకగా దొరికే ఒంటి నట్లలో కొంత ఉంటుంది. దాన్ని చంపడానికి రెండు దారులు. రెండు నట్లను మధ్యలో బిళ్ల పెట్టి ఎడంగా తోసి, ఒకటి ఒక చెంపను, రెండోది అవతలి చెంపను ఎప్పుడూ ఆనుకునేలా చేయడం ఒకటి. ఉన్న గోళీలు తీసి కొన్ని మైక్రాన్లు పెద్దవి వేయడం రెండోది. మర గాడి అడుగు గుండ్రంగా కాక రెండు వంపులు కలిసిన కోణంలా ఉంటుంది, అందువల్ల పెద్ద గోళీ నాలుగు చోట్ల ఆని ఎటూ కదలకుండా నిలుస్తుంది. ఇళ్లలో ఎక్కువగా వాడే 16 మి.మీ. స్క్రూ గోళీ కొలత 3.175 మి.మీ. నట్‌ను స్క్రూ మీంచి ఊరికే ఊడదీస్తే గోళీలన్నీ నేల మీద చెల్లాచెదురవుతాయి. స్క్రూ లోతట్టు మందానికి సరిపడా కాగితాన్ని గొట్టంలా చుట్టి, కొసకు ఆనించి, నట్‌ను దాని మీదికి జరపాలి. దాంతో పాటు ఇంకొకటి: కచ్చితత్వంలో సీ7 శ్రేణి స్క్రూకు 300 మి.మీ. పొడవులో 0.05 మి.మీ. దాకా తేడాను అనుమతిస్తారు. అది మర నడక తప్పు, ప్లే కాదు, ప్రీలోడ్, అంటే సందు లేకుండా పెట్టిన ఈ బిగింపు, ఎంత పెంచినా పోదు.

ఇందాక స్లైడ్ల మాట వచ్చింది కనుక మధ్యలో ఒక ముక్క. దసరాకు ఆయుధపూజ చేయండి, మిషన్‌కు దండ వేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. పసుపు ముద్ద, కుంకుమ, కొబ్బరినీళ్లు మాత్రం స్లైడ్ల మీద పడనివ్వకండి. దిష్టికని బెడ్ మీద కోసి పెట్టిన నిమ్మకాయ రసం పోత ఇనుమును తినేస్తుంది. బొట్టు కాలమ్‌కు పెట్టినా అమ్మవారు కాదనరు.

"సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌లాష్ సవరణ ఉంది కదా, 0.2 అని రాసేస్తే పోలేదా?" అని కూడా పాఠకుడు అడిగారు. లైనక్స్‌సీఎన్‌సీలో, మాక్3లో ఆ గడి ఉంది. దిశ మారినప్పుడల్లా కంప్యూటర్ అదనపు పల్స్‌లు పంపి స్క్రూను అవతలి చెంపకు చేరుస్తుంది. ఖాళీగా తిరిగేటప్పుడు అద్భుతంగా పనిచేస్తుంది. కోతలో కథ వేరు. కట్టర్ పన్ను తిరిగే దిశా, పని ముక్క కదిలే దిశా ఒకటే అయ్యేలా కోస్తే, అంటే క్లైంబ్ మిల్లింగ్‌లో, కట్టరే టేబుల్‌ను తన వైపు లాక్కుంటుంది. పన్నుకు 0.05 మి.మీ. కోయాలని మీరు లెక్క వేసుకుంటారు. సందు 0.2 ఉంటే టేబుల్ ఒక్క ఉదుటున అంత దూరమూ దూకుతుంది. ఆ పన్నుకు 0.25 మి.మీ. తగులుతుంది, అయిదింతలు. సన్నటి ఎండ్ మిల్ కట్టర్ టప్పున విరుగుతుంది. సవరణ స్క్రూను కదిలించగలదు గానీ టేబుల్‌ను పట్టుకోలేదు. టేబుల్‌కే దాని చోటును కొలిచి కంప్యూటర్‌కు చెప్పే గాజు స్కేలు పెట్టి దాని ప్రకారం మోటారును దిద్దవచ్చు గానీ, ఈ కొలిచి దిద్దే లూపు మధ్యలో సందు ఉంటే మోటారు అటూ ఇటూ వెతుక్కుంటూ వణుకుతుంది. కాబట్టి ముందు బేరింగు, తర్వాత గిబ్, తర్వాత నట్. అప్పటికీ మిగిలిన 0.02, 0.03కే ఆ గడి. అది కూడా టేబుల్ మధ్యలో, రెండు కొసల్లో కొలిచి, వాటిలో చిన్న అంకె రాయండి. పెద్దది రాస్తే ప్లే తక్కువున్న చోట వెలితికి బదులు బొడిపె పుడుతుంది.

పైకీ కిందికీ కదిలే జెడ్ అక్షానికి కూడా బాల్ స్క్రూ వేయాలా అన్నది ఆయన చివరి ప్రశ్న. అక్కడ కట్టర్‌ను మోసే తల బరువే నట్‌ను ఎప్పుడూ ఒకే చెంపకు ఆనించి ఉంచుతుంది, కాబట్టి ప్లే అంతగా బాధించదు. కట్టర్ గట్టిగా లాగే చోట తప్ప పాత మర స్క్రూతోనే నెట్టుకురావచ్చు. బాల్ స్క్రూకు తనంతట తాను ఆగే గుణం లేదు, కరెంటు పోగానే తల జారి కట్టర్‌ను పని ముక్కలోకి దించేస్తుంది. వేసి తీరాలనుకుంటే బ్రేకు ఉన్న మోటారు గానీ, బరువు మోసే గ్యాస్ స్ప్రింగు గానీ ముందే కొనుక్కోండి.