నవలకి గట్టి ఎడిటర్ ఎందుకు కావాల్సొచ్చింది?

ఇప్పుడు నవల రాసినవాళ్లు ఎవరికీ చూపించకుండానే పుస్తకంగా తెచ్చేసుకోవచ్చు. దాంతో ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడమే అనే అభిప్రాయం బలపడుతోంది. అసలు పని అది కాదు.

19వ శతాబ్దపు ఇంగ్లండులో నవల నిడివిని చాలాసార్లు అద్దె లైబ్రరీలే తేల్చేవి. వాళ్లకి నవల మూడు సంపుటాలుగా కావాలి. అలాగైతే ఒకే నవలని ఒకేసారి ముగ్గురికి తిప్పొచ్చు. మూడో సంపుటం నిండడం కోసం రచయితలు కథని సాగదీసేవాళ్లు. 1894లో ఆ లైబ్రరీలే కొత్త షరతులు పెట్టడంతో కొద్ది ఏళ్లలోనే ఆ పద్ధతి పోయింది. నవలకి కొలత ఇక కథలోంచే రావాలి. రాసినవాళ్లకి అది ఒక్కోసారి కనపడదు.

అమెరికాలో స్క్రిబ్నర్స్ ప్రచురణ సంస్థ ఎడిటర్ మ్యాక్స్‌వెల్ పెర్కిన్స్ చేసింది ఆ కొలత వెతికిపెట్టడమే. 1924 నవంబరులో రచయిత ఫిట్జెరాల్డ్‌కి రాసిన ఉత్తరంలో అతని నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' రాతప్రతిని ముందు మనసారా మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. మిగతా పాత్రలన్నీ కళ్లకి కడుతుంటే గాట్స్‌బీ ఒక్కడే మసకగా ఉన్నాడు, పైగా అతని గతమంతా ఒక్కచోటే కుమ్మరించినట్టుంది అన్నాడు. ఫిట్జెరాల్డ్ ప్రూఫులు వచ్చాక కూడా కూర్చుని తిరగరాశాడు, ఆ గతాన్ని విడదీసి కొంత ముందు అధ్యాయాల్లోకి జరిపాడు.

థామస్ వుల్ఫ్ తొలి నవల (1929) నుంచి 60 వేలకు పైగా పదాలు పోయాయి. కథానాయకుడి తండ్రి చిన్నతనం గురించిన మొదటి ఘట్టాన్ని కూడా పెర్కిన్స్ తీయించాడు. ఆ కథ కొడుకు కళ్లలోంచి చూస్తేనే బతుకుతుందని అతని నమ్మకం. ఈ విషయంలో నేను పెర్కిన్స్ పక్షమే. అయితే వుల్ఫ్ పుస్తకాలు ఎడిటర్ కూర్చి పెట్టినవేనని 1936లో ఒక విమర్శకుడు రాసేసరికి వుల్ఫ్ మనసు విరిగింది. మరుసటి ఏడాదే స్క్రిబ్నర్స్‌ని వదిలేశాడు. గట్టి ఎడిటింగ్‌లో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, కాదనలేం.

1957లో హార్పర్ లీ రాతప్రతి లిపిన్‌కాట్ ప్రచురణ సంస్థలో ఎడిటర్ టే హోహాఫ్ చేతికొచ్చింది. ఎదిగిన ఒక యువతి న్యూయార్క్ నుంచి సొంతూరికి వచ్చే కథ అది. హోహాఫ్‌కి అందులో ప్రాణమున్న చోటు ఆ అమ్మాయి చిన్ననాటి జ్ఞాపకాల్లో కనిపించింది. అక్కణ్నుంచే చెప్పమంది. రెండేళ్లకు పైగా లీ మళ్లీ మళ్లీ రాసింది. 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' వచ్చింది.

2015లో ఆ పాత ప్రతి కూడా 'గో సెట్ ఎ వాచ్‌మన్' పేరుతో అచ్చయింది కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవొచ్చు. 1960 నవలని నిలబెట్టిన కోర్టు విచారణ పాత ప్రతిలో ఒక పాత జ్ఞాపకంగా క్లుప్తంగా గడిచిపోతుంది. అందులో నిందితుడు నిర్దోషిగా బయటపడతాడు కూడా.