పక్కింటి తాతగారికి అంత జ్ఞాపకమా?

చిరంజీవులు అమ్మలుకు, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో అమ్మలు ఒక ప్రశ్న వేసింది. నేను గొంతు సవరించుకునేలోపే మీ నాన్న అందుకుని, "అదంతా కంప్యూటర్‌లో ఉంటుందిలే" అని తేల్చేశాడు. కంప్యూటర్‌లోకి తనంతట తాను ఏదీ వచ్చి కూర్చోదు కదా! ముందు ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రాసినవాళ్ళ ఊసెత్తకుండా జవాబు చెప్పేయడం నాకు నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం. నానమ్మ పంపిన సున్నుండలు తింటూ చదువుకోండి.

చిన్నా వినలేదు కాబట్టి ప్రశ్న మళ్ళీ చెబుతాను. బడిలో వంశవృక్షం గీసుకురమ్మన్నారట. అమ్మలు గీసిన చెట్టు మా నాన్నగారి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. జర్మనీలో మీ పక్కింటి స్నేహితురాలి చెట్టు మాత్రం గోడంతా పాకింది. మొత్తం పన్నెండు తరాలు. మొదట్లో ఉన్నది 1650ల నాటి మనిషి. "వాళ్ళ తాతకు అన్ని పేర్లు ఎలా గుర్తున్నాయి తాతయ్యా? నీకెందుకు గుర్తులేవు?"

జ్ఞాపకం విషయంలో ఆయనా నాలాంటివాడే. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కోవడం నిరుడు మీ ఇంట్లో ఉన్నప్పుడు నా కళ్ళతో చూశాను. మనిషికి మూడు తరాలు గుర్తుంటే గొప్ప. తద్దినం రోజున మనం పేరుపేరునా తలచేది కూడా తండ్రిని, తాతను, ముత్తాతను. ఆ పైమెట్టు ఎక్కాలంటే కాగితం కావాలి. ఆ కాగితం సంగతి మా దుకాణం దగ్గర మొదలుపెడితే తప్ప నాకు చెప్పడం రాదు.

గోదావరి గట్టు పక్కన చిన్న ఊళ్ళో మా నాన్నగారికి కిరాణా దుకాణం ఉండేది. అందులో రెండు పుస్తకాలు. ఒకటి చిట్టా. పొద్దుటి నుంచి ఎవరు వచ్చి ఏమి పట్టుకెళితే అది, వచ్చిన వరసలోనే, అప్పటికప్పుడు రాసేయాలి. రెండోది ఆవర్జా. అందులో ఇంటికొక పేజీ. రాత్రి దీపం ముందు కూర్చుని చిట్టాలోని పద్దులు ఎవరివి వారి పేజీలోకి ఎక్కించాలి. పదేళ్ళప్పుడు ఆ పని నా మెడకు పడింది. చిట్టా పేజీల మూలల్లో నాన్నగారి నూనె వేలి గుర్తులు ఉండేవి. బెల్లం ముట్టుకున్న చేత్తో తిప్పితే రెండు కాగితాలు అంటుకుపోయేవి. అలా ఒకసారి ఎవరిదో నెల బాకీ మొత్తం మాయమై, మళ్ళీ దసరాకు బయటపడింది.

ఊళ్ళో ఒకే పేరు గలవాళ్ళు ఇద్దరుండేవారు. ఇద్దరిదీ నేతపనే. ఒకరి ఇంటికి వెళ్ళిన కిరసనాయిలు నేను రెండోవారి పేజీలో ఎక్కించాను. ఆ పెద్దాయన వచ్చి దుకాణం ముందు నిలబడి పెట్టిన కేకలు అవతలి గట్టుకు వినిపించి ఉంటాయి. ఆ రాత్రి నాన్నగారు నన్ను కొట్టలేదు. చిట్టా తెరిచి పద్దు చివర ఉన్న చిన్న అక్షరాలు చూపించారు. ఫలానావారి మాట మీద ఇచ్చినది, అని ఉంది. "పేరు చూసి ఎక్కించకురా. ఎవరి మాట మీద ఇచ్చామో అది చూడు" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని ఉంది.

ఇప్పుడు జర్మనీకి వద్దాం. అక్కడ చర్చిలో పాస్టరు గారి దగ్గర అచ్చం ఇలాంటి చిట్టా ఉండేది. కిర్హెన్‌బూఖ్ అంటారు, అంటే చర్చి పుస్తకం. మీరుంటున్న వుర్టెంబర్గ్ ప్రాంతాన్ని ఏలిన క్రిస్టోఫ్ ప్రభువు, ఊరూరా ఇలాంటి పుస్తకాలు పెట్టి రాయాలని 1558లోనే ఉత్తర్వు ఇచ్చాడు. బిడ్డ పుడితే ఒకటి రెండు రోజుల్లో బాప్తిస్మం, ఆ పద్దు ఒకటి. పెళ్ళి అయితే ఒకటి. పోతే భూస్థాపన పద్దు ఒకటి. అంతే. మనిషి బతికిన అరవై ఏళ్ళకు మూడు పద్దులు! ప్రభుత్వం తానే కార్యాలయాలు పెట్టి జర్మనీ అంతటా జననమరణాలు రాయించడం 1876 జనవరి 1 నుంచి. అంతకు ముందు చాలా ఊళ్ళలో పాస్టరు గారి కలమే దిక్కు.

ఇంకో విచిత్రం చూడండి. వుర్టెంబర్గ్‌లో 1808 నుంచి ఆవర్జా కూడా వచ్చింది. ఇంటికొక పేజీ, తండ్రి, తల్లి, పిల్లలు వరసగా. కుటుంబ పుస్తకం అంటారు. ఆ తాతగారు ముందు దాన్నే చూసుకున్నారు. కానీ ప్రతి పేరునూ మళ్ళీ చిట్టాతో సరిపోల్చారు. ఎందుకంటే ఆవర్జా ఎక్కించిన చోట నాలాంటి పదేళ్ళ కుర్రవాడు కూర్చుని ఉండవచ్చు కదా!

తప్పు ఆయనకూ ఎదురైంది. పాత జర్మన్ ఇళ్ళలో నలుగురు మగపిల్లలుంటే నలుగురి పేర్లూ యోహాన్‌తోనే మొదలయ్యేవి. యోహాన్ గేయోర్గ్, యోహాన్ యాకోబ్, ఇలా. పిలిచేది రెండో పేరుతో. వాళ్ళ ఊళ్ళో ఒకే కాలంలో ఇద్దరు యోహాన్ గేయోర్గ్‌లు ఉన్నారు. ఇంటిపేరూ ఒకటే, ఇద్దరూ నేతగాళ్ళే. (ఈ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాపం ఆయన నాకు నడుము పట్టేసిందనుకున్నారు.) మూడు చలికాలాలు ఆయన తన మనిషి కాని మనిషి వెంట పడి వెనక్కి వెళ్ళారట. చివరికి దారి చూపింది జ్ఞాన తల్లిదండ్రులు. బాప్తిస్మం రోజున బిడ్డ తరఫున మాట ఇచ్చి నిలబడేవాళ్ళు. ఒక యోహాన్ గేయోర్గ్ పిల్లలందరికీ మిల్లు నడిపేవాడి భార్యే జ్ఞానతల్లిగా నిలబడింది. రెండో ఆయన పిల్లలకు ఒక్కసారి కూడా నిలబడలేదు. ఎవరి మాట మీద ఇచ్చామో చూడు! మా నాన్నగారికి ఆ ముక్క చెప్పాలని ఎంత అనిపించిందో.

అసలు ముందుగా తెలియాల్సింది ఏ దుకాణమో. పూర్వీకులు జర్మనీ నుంచి వచ్చారని తెలిస్తే చాలదు, ఏ ఊరో తెలియాలి. నాయ్‌హౌజెన్ అంటే కొత్త ఇళ్ళు, మన కొత్తపల్లి లాంటి పేరు. మన కొత్తపల్లులు ఎన్నో లెక్కపెట్టగలరా? మీ స్టుట్‌గార్ట్ చుట్టుపక్కలే ఫిల్డెర్న్ మైదానంలో ఒక నాయ్‌హౌజెన్ ఉంది, ఎర్మ్స్ ఏటి ఒడ్డున ఇంకొకటి ఉంది. తప్పు దుకాణంలో ఎంత వెతికినా మన ఖాతా దొరకదు.

ఆ పేజీ ఆయన నాకు కంప్యూటర్‌లో చూపించారు. ప్రొటెస్టెంటు చర్చిల పుస్తకాలను ఫోటోలు తీసి పెట్టిన ఆర్కియోన్ అనేది ఉంది, చందా కట్టి చూడవచ్చు. చూశాను. ఒక్క అక్షరం గుర్తుపడితే ఒట్టు! కురెంట్ అనే పాత చేతిరాత అది. ఏటవాలుగా, సూది మొనల్లా గీతలు. అందులో 'ఎ' పలికే అక్షరం 'న' పలికే అక్షరంలాగే ఉంటుంది. 'ఉ'ను వేరుగా పోల్చుకోవడానికి దాని నెత్తిన చిన్న కొక్కెం పెట్టేవారు. 1941లో ఆ లిపిని బడుల్లోంచి తీసేశారు కాబట్టి మీ స్నేహితురాలి నాన్నకు కూడా అది చదవడం రాదు. సొంత భాషే, సొంత ముత్తాతే, అయినా చదవలేరు. నవ్వకండి. మన కరణాల గొలుసుకట్టు రాత ఇస్తే నేనూ తెల్లమొహం వేస్తాను.

ఇక తేదీలు. రోజు, నెల కాకుండా ఫలానా పండగ తర్వాత ఎన్నో ఆదివారం అని రాసిన పద్దులు ఉంటాయి. పైగా 1700 దాకా కాథలిక్ ఊరికీ ప్రొటెస్టెంటు ఊరికీ తేదీలో పది రోజుల తేడా. ఇద్దరివీ వేరు వేరు పంచాంగాలు. ఏరు దాటితే చాలు, పది రోజులు ముందుకు వెళ్ళిపోతారన్నమాట. చివరికి ఆ ఏడు ప్రొటెస్టెంట్లు ఫిబ్రవరి 18న పడుకుని మార్చి 1న నిద్ర లేచారు. మన దగ్గర పండగ ఏ రోజు చేసుకోవాలో సిద్ధాంతులు తగువులాడుకుంటే విసుక్కుంటాం, ఇంకేమనాలి?

నా పుట్టినరోజు సంగతి మీకు ఎప్పుడైనా చెప్పానా? నేను పుట్టిన ఏడు, 1953 ఆగస్టులో, గోదావరికి పెద్ద వరద వచ్చింది. నీళ్ళు అరుగు దాకా వచ్చిన రాత్రి పుట్టానని మా అమ్మ చెప్పేది. తేదీ మాత్రం తెలియదు. బడిలో చేర్చేటప్పుడు మేష్టారు కలం పట్టుకుని ఒక క్షణం ఆలోచించి జులై 1 అని రాసేశారు. నా తోటివాళ్ళలో సగంమంది ఆ రోజునే పుట్టారు! వరద రావడానికి నెల ముందే నేను పుట్టానని ప్రభుత్వం ఇప్పటికీ నమ్ముతోంది. కాబట్టి కాగితాన్ని మరీ దేవుడిలా చూడకండి. రాసింది మనిషే.

పద్దు పక్కన కొన్నిచోట్ల చిన్న సిలువ గుర్తు ఉంటుంది. ఆ బిడ్డ చిన్నప్పుడే పోయిందని అర్థం. కింద రెండు మూడేళ్ళకు అదే తల్లిదండ్రులకు మరో బిడ్డ, మళ్ళీ అదే పేరు. పోయినవాడి పేరే పుట్టినవాడికి పెట్టుకునేవారు. మన వైపు దీనికి ఎదురు. పుట్టిన పిల్లలు పోతుంటే, మృత్యువు దృష్టి పడకూడదని తర్వాతి బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పనికిరాని పేరు పెట్టేవారు. మా తాతగారి పేరు అలాంటిదే. ఆయనకు ముందు పుట్టినవాళ్ళ పేర్లు ఏ చిట్టాలోనూ లేవు.

ఆ చెట్టు 1650ల దగ్గరే ఎందుకు ఆగిందని అడిగాను. ముప్పై ఏళ్ళ యుద్ధం, అన్నారు. అది 1618 నుంచి 1648 దాకా సాగింది. 1634లో సైన్యాలు మీ ప్రాంతం మీద పడి దోచుకున్నాయి. మీరు రైలులో వెళ్ళే వైబ్లింగెన్ ఆ ఏడే తగలబడింది. ఊళ్ళతోపాటు పుస్తకాలూ కాలిపోయాయి. యుద్ధం అయ్యాక పొలాలు దున్నే మనుషులు లేక, స్విట్జర్లాండ్ నుంచి చాలామంది వచ్చి స్థిరపడ్డారు. ఆయన చెట్టు మొదట్లో ఉన్న మనిషి పెళ్ళి పద్దులో, బెర్న్ ప్రాంతం నుంచి వచ్చినవాడు, అని ఉంది. పైవూరి నుంచి వచ్చాడని పాస్టరు గారు ప్రత్యేకంగా రాసుకున్నారన్నమాట. ఊళ్ళో వాళ్ళకు అతని యాస కూడా వింతగానే ఉండి ఉంటుంది. అమ్మలూ, బడిలో చేరిన మొదటి నెల నీ మాట విని ఎవరో నవ్వారని ఏడ్చావు చూడు, అది గుర్తుకొచ్చింది.

వచ్చినవాళ్ళే కాదు, పోయినవాళ్ళూ ఉన్నారు. 1815లో ఎక్కడో ఇండోనేషియాలో తంబోరా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి ఆకాశమంతా కమ్మి, మరుసటి ఏడు మీ స్టుట్‌గార్ట్ వైపు ఎండాకాలమే రాలేదు. వానలకు పైరు కుళ్ళింది, కరువు వచ్చింది. 1817లో వేలమంది ఊళ్ళు వదిలిపోయారు, కొందరు అమెరికాకు, కొందరు రష్యాకు. కరువు తీరాక రాజుగారు 1818లో రైతుల కోసం ఒక జాతర పెట్టించారు. మీరు ఏటా సెప్టెంబరు చివర వెళ్ళి రంగులరాట్నం ఎక్కుతారే, కాన్‌స్టాట్‌లో, అదే! మధ్యలో పళ్ళతో, ధాన్యంతో అలంకరించిన ఎత్తయిన స్తంభం నిలబెడతారు కదా, అది ఎందుకో ఇప్పుడు తెలిసిందా? తాతగారి ఆవర్జాలో ఒక తమ్ముడి పేరు పక్కన '1817, రష్యాకు' అని ఉంది. ఆ తర్వాత ఆ వరస ఖాళీ. ఖాతా మూసేశారు.

ఒక్క విషయం మాత్రం నా దుకాణం పోలికకు లొంగదు. ఆయన సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. వాళ్ళ నాన్నగారిది. ఆనెన్‌పాస్ అంటారు, పూర్వీకుల పత్రం. 1933 నుంచి హిట్లర్ ప్రభుత్వం, మీ తాతలు అవ్వల్లో యూదులు లేరని రుజువు చూపిస్తేనే ఉద్యోగం అంది. జనం చర్చిల ముందు బారులు తీరి ఇవే చిట్టాల్లోంచి నకళ్ళు రాయించుకున్నారు. రుజువు చూపలేనివాళ్ళను ముందు కొలువుల్లోంచి, తర్వాత ఊళ్ళలోంచి, చివరికి లోకంలోంచే తీసేశారు. "నా చెట్టులో మొదటి కొన్ని కొమ్మలు నేను వెతికినవి కావు, ఇందులో ఉన్నవే" అన్నారాయన. ఆ మాట చెప్పకుండా దాచవచ్చు. దాచలేదు. అందుకే ఆ చెట్టు నాకు నచ్చింది. వంశం గొప్పలు చెప్పుకునేవాళ్ళు మన దగ్గరా తక్కువేమీ కాదు. వాళ్ళను చూసినప్పుడల్లా ఆ చిన్న పుస్తకం గుర్తుకొస్తుంది.

సమాధులు వెతికితే సరిపోదా అని చిన్నా అడుగుతాడు, నాకు తెలుసు. జర్మనీలో సమాధి స్థలం చాలాచోట్ల అద్దెకే, ఇరవై ముప్పై ఏళ్ళకు. గడువు పొడిగించకపోతే రాయి తీసేసి వేరొకరికి ఇచ్చేస్తారు. కాబట్టి పన్నెండు తరాల వాళ్ళు భూమి మీద ఎక్కడా లేరు, ఆ పుస్తకాల్లోనే ఉన్నారు.

ఈ శనివారం ఇద్దరూ పక్కింటికి వెళ్ళండి. సున్నుండలు నాలుగు పట్టుకెళ్ళండి, ఆయనకు ఇష్టం. యోహాన్ గేయోర్గ్ కొడుకు బాప్తిస్మం పేజీ చూపించమని అడగండి. ముందు నెత్తిన కొక్కెం ఉన్న అక్షరాలు ఎన్ని ఉన్నాయో చిన్నా లెక్కపెట్టాలి. తర్వాత పేజీ కుడివైపు కింది మూలకు వెళ్ళండి. అక్కడ గోధుమరంగు మరక ఒకటి ఉంది. సిరా ఒలికింది అంటారాయన. పెద్దది చేసి చూస్తే నాకు సన్నని గీతలు కనిపించాయి, వేలిముద్రలో ఉన్నట్టు. కొవ్వొత్తి దగ్గర ఏదో తింటూ పేజీ తిప్పిన పాస్టరు గారి బొటనవేలే అని నేను, కాదని ఆయన, మధ్యాహ్నం కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. మీ కళ్ళు చిన్నవి, బాగా కనిపిస్తాయి. చూసి ఫోను చేయండి.

మీ తాతయ్య