"పాపకు మాత్రం చెప్పొద్దు సార్": ఇంటర్‌సెక్స్ పిల్లల గురించి అపోహలు, వాస్తవాలు

పదిహేను దాటినా పెద్దమనిషి కాలేదని అమ్మాయిని తీసుకొస్తారు. పరీక్ష అయ్యాక పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, తల్లి ఒక్కతే మళ్లీ లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేస్తుంది. "రిపోర్టులో ఏమున్నా పాపకు మాత్రం చెప్పొద్దు సార్. తెలిస్తే ఏమన్నా చేసుకుంటాది." ఆదోని నుంచి వచ్చినా, కదిరి నుంచి వచ్చినా, ప్రొద్దుటూరు నుంచి వచ్చినా ఇదే మాట. ఆ తల్లి భయం ఉత్తది కాదు. ఇంటర్‌సెక్స్ అంటే క్రోమోజోములు, లోపలి అవయవాలు, బయటి అవయవాలు పూర్తిగా ఆడ, పూర్తిగా మగ అనే లెక్కలో ఇమడకుండా పుట్టడం. కానీ ఈ పిల్లల చుట్టూ తిరిగే అపోహలన్నిటిలో వాళ్లకు ఎక్కువ నష్టం చేసేది, దాచిపెట్టడమే మేలన్న ఈ మాటే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: తెలియకపోతేనే పిల్ల సుఖంగా ఉంటుంది

వాస్తవం: పిల్లకు తెలుసు. విషయమేమిటో తెలియదు గానీ, ఏదో దాస్తున్నారని తెలుసు. చిన్నప్పుడే గోనాడ్స్ (అండాశయాలు లేదా వృషణాలుగా తయారయ్యే గ్రంథులు) తీసేసిన పిల్లకు గజ్జల్లో రెండు వైపులా కుట్ల మచ్చలుంటాయి. హెర్నియా అని చెప్పి ఉంటారు. ఎప్పుడో అయిపోయిన హెర్నియాకు ఏటా వేలూరు ఎందుకు పోతున్నామని పిల్ల అడగదు. అడిగితే అమ్మ ఏడుస్తుందని ఈపాటికి అర్థమై ఉంటుంది.

తోటి పిల్లలంతా సమర్తాడారు, తనకు మాత్రం రాలేదు. ఎవరైనా అడిగితే చూపించడానికి బడి సంచిలో ప్యాడ్లు పెట్టుకు తిరిగే అమ్మాయిలున్నారు. బంధువుల నోరు మూయించడానికి ఇంట్లోవాళ్లే ఉత్తుత్తి ఫంక్షన్ చేసిన కుటుంబాలూ ఉన్నాయి. ఓణీ కట్టి, చిమ్మిలి తినిపించి, ఊరికంతా భోజనాలు పెడతారు. ఆ పీట మీద కూర్చున్న పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: తన ఒళ్లు బయటికి చెప్పుకోలేనంత తప్పు వస్తువని.

చివరికి నిజం ఎలా బయటపడుతుందో కూడా చెప్పాలి. ఇంటర్‌లో చేరడానికి కుల సర్టిఫికెట్ కోసం బీరువా వెతుకుతుంటే చీరల కింద పాలిథిన్ కవరు దొరుకుతుంది. అందులో పాత బయాప్సీ కాగితం ఉంటుంది, దాని మీద "టెస్టిక్యులర్ టిష్యూ", అంటే వృషణ కణజాలం అని ఉంటుంది. ఇంకో కాగితంలో "46, ఎక్స్‌వై" అని ఉంటుంది. ఎక్స్‌వై అంటే మగ అని పదో తరగతిలోనే చదువుకున్న పిల్ల, ఆ రాత్రి దుప్పటి కింద ఫోన్‌లో వెతుక్కుంటుంది. మొదట కనబడేవి తిట్లు, లేదంటే భయపెట్టే బొమ్మలు. "ఏమన్నా చేసుకుంటాది" అని తల్లి భయపడేది ఏ రాత్రి గురించో, దాచడం వల్ల వచ్చేది సరిగ్గా ఆ రాత్రే. తల్లి పక్కన ఉండి, డాక్టరు ఎదురుగా ఉన్నప్పుడు విన్న పిల్ల కూడా ఏడుస్తుంది, కోప్పడుతుంది, వారం పాటు మాట్లాడకపోవచ్చు. కానీ తర్వాత ప్రశ్నలు అడుగుతుంది. అడగడానికి మనుషులుంటారు.

దాచడానికి వైద్యపరమైన ఖరీదు కూడా ఉంది. చిన్నప్పుడే గోనాడ్స్ తీసేసిన అమ్మాయి యుక్తవయసు నుంచి ఈస్ట్రోజన్ వాడాలి. మొదట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి రెండేళ్లలో మెల్లగా పెంచుతారు. పెద్దయ్యాక సాధారణంగా రోజుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ఎస్ట్రడయాల్ సరిపోతుంది. ఇంట్లో దీన్ని "బలానికి మాత్ర" అని చెప్పి ఇస్తారు. పిల్ల కాలేజీ హాస్టల్‌కు పోగానే, బలంగానే ఉన్నాను కదా అని మానేస్తుంది. ఎముక సాంద్రత పెరగాల్సిన వయసులోనే అది తగ్గడం మొదలవుతుంది. పాతికేళ్లకు నడుం నొప్పి అని వచ్చినప్పుడు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో అది బయటపడుతుంది.

మరి ఎలా చెప్పాలి? ఒక్కరోజు కూర్చోబెట్టి అంతా కుమ్మరించడం కూడా తప్పే. మేం తల్లిదండ్రులకు చెప్పే వరుస ఇది. నాలుగైదేళ్లప్పుడు ఒంటి భాగాలకు పేర్లు, "నీ ఒళ్లు కొంచెం వేరేగా తయారైంది, అందుకే డాక్టరమ్మ చూస్తాది" అన్న మాట చాలు. ఏడెనిమిదేళ్లకు ఆపరేషన్ జరిగిందని, ముందుముందు మాత్ర ఎందుకు వేసుకోవాల్సి వస్తుందో చెప్పాలి. పదీ పన్నెండు మధ్య, అంటే క్లాసులో ఎవరో ఒకరు సమర్తాడక ముందే, గర్భసంచి లేదని, నెలసరి రాదని చెప్పేయాలి. పదమూడు, పద్నాలుగుకు క్రోమోజోములు, గోనాడ్స్ గురించి అసలు పేర్లతోనే, రిపోర్టు ముందు పెట్టి చెప్పాలి. పద్దెనిమిది నాటికి ఫైలు కాపీ పిల్ల చేతిలో ఉండాలి.

ఇప్పటికే పదహారొచ్చి ఏమీ తెలియని పిల్లకైతే కనీసం మూడు విడతలు కావాలి. విడతకూ విడతకూ మధ్య వారం, పది రోజులు ఉండాలి. జేజి, మేనత్త, మేనమామ ఆ గదిలో ఉండకూడదు. పిల్ల అడిగిన ప్రశ్నకు ముందు జవాబివ్వాలి, మనం చెప్పదలచుకున్నది ఆ తర్వాత. చాలామంది అమ్మాయిలకు క్రోమోజోముల కంటే బిడ్డను మోయలేననే మాట ఎక్కువ తగులుతుంది. దానికి టైమివ్వండి. మొదటి విడత అయిన రాత్రి పిల్లను ఒంటరిగా పడుకోనివ్వొద్దు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. అన్నిటికంటే ముందు తల్లిదండ్రులు చెప్పాల్సిన వాక్యం ఒకటుంది: "ఇన్నాళ్లూ చెప్పకపోవడం మా భయం వల్ల, నీలో తప్పుండి కాదు."

ఫైలు గురించి ఇంకో మాట. ఇన్‌పేషెంట్ రికార్డులను డాక్టర్లు వైద్యం మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది. రెండేళ్లప్పుడు చేసిన ఆపరేషన్ కాగితాలు పదిహేనేళ్లకు ఆసుపత్రిలో దొరక్కపోవచ్చు. డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు మీ దగ్గరున్నవే చివరివి కావచ్చు. దాచే ఆత్రంలో కాల్చేసినవాళ్లున్నారు. ఏం తీశారో, ఏం మిగిల్చారో తెలియక ఆ పిల్లకు పరీక్షలన్నీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

అపోహ: ఎక్స్‌వై అని వచ్చిందంటే లోపల మగపిల్లాడే

వాస్తవం: కాదు. పూర్తి ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ (మగ హార్మోన్లకు శరీరం స్పందించకపోవడం) ఉన్న అమ్మాయిలో టెస్టోస్టిరాన్ తయారవుతుంది, కానీ దాన్ని అందుకునే రిసెప్టర్ పనిచేయదు. ఆ టెస్టోస్టిరానే ఈస్ట్రోజన్‌గా మారి రొమ్ములు సహజంగానే వస్తాయి, గర్భసంచి ఉండదు, కింద వెంట్రుకలు పలుచగా ఉంటాయి. వీళ్లలో దాదాపు అందరూ తమను తాము అమ్మాయిలుగానే చెప్పుకుంటారు. టెస్టోస్టిరాన్‌ను మరింత బలమైన రూపంలోకి మార్చే ఎంజైమ్ సరిగ్గా పనిచేయని 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపంలో కథ వేరు. అమ్మాయిగా పెరిగిన పిల్లకు పన్నెండు, పదమూడేళ్లకు గొంతు మారుతుంది, కండ వస్తుంది, రొమ్ములు రావు. వీళ్లలో చాలామంది తాము అబ్బాయిలమని గుర్తిస్తారు, అందరూ కాదు. రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు రాత్రికి రాత్రి పేరు మార్చి క్రాపు చేయించడం ఎంత తప్పో, గొంతు మారిందని బడి మాన్పించి ఇంట్లో పెట్టడం కూడా అంతే తప్పు. నువ్వెవరని పిల్లను అడగండి. ఇంకా తేల్చుకోలేదంటే యుక్తవయసు మార్పులను కొంతకాలం ఆపి ఉంచే ఇంజెక్షన్లున్నాయి, నెలకో మూడు నెలలకో ఒకటి. ఆలోచించుకోవడానికి ఆ వ్యవధి చాలా విలువైనది.

పిల్ల అబ్బాయిగా బతకాలనుకుంటే కాగితాల పని పదో తరగతి మెమో రాకముందే మొదలుపెట్టండి. తర్వాత ప్రతి సర్టిఫికెట్టూ ఆ మెమో వెంటే నడుస్తుంది. జనన ధ్రువీకరణలో తప్పు సరిదిద్దడానికి 1969 జనన మరణ నమోదు చట్టంలో 15వ సెక్షన్ ఉంది. డాక్టరు ఇచ్చే లేఖలో రోగ నిర్ధారణ స్పష్టంగా ఉండాలి. "హార్మోన్ సమస్య" అని గుండుగుత్తగా రాయించుకుంటే ఆఫీసులో తిప్పి పంపుతారు.

అపోహ: చిన్నప్పుడే ఆపరేషన్ చేయిస్తే పీడ పోతుంది

వాస్తవం: మూత్రం సరిగ్గా పోకపోతే ఆపరేషన్ అవసరం. వై క్రోమోజోమ్ ఉండి గోనాడ్స్ సరిగ్గా రూపుదిద్దుకోని డిస్‌జెనెసిస్‌లో కణితి ముప్పు ఎక్కువ, అక్కడ తీసేయమనే చెబుతాం. పూర్తి ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీలో యుక్తవయసుకు ముందు ఆ ముప్పు చాలా తక్కువ. ఆగితే శరీరమే తన ఈస్ట్రోజన్ తాను తయారు చేసుకుంటుంది. చూడ్డానికి "మామూలుగా" కనబడాలని పసిబిడ్డ క్లిటోరిస్ తగ్గించే ఆపరేషన్ మాత్రం బిడ్డ పెద్దయి అడిగేదాకా ఆగాలి. అక్కడ తెగిన నరం మళ్లీ రాదు. మద్రాసు హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రాణాపాయ పరిస్థితుల్లో తప్ప పసిపిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదని తమిళనాడు ఆ ఏడాదే ఉత్తర్వులిచ్చింది.

అపోహ: పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి

సర్దుకోవు. యోని పొట్టిగా ఉన్న అమ్మాయికి ఏమీ చెప్పకుండా పెళ్లి చేస్తే మొదటి రాత్రే గాయాలతో క్యాజువాల్టీకి రావచ్చు. ఆ తర్వాత పంచాయితీ, విడాకులు. మొదటి చికిత్స ఆపరేషన్ కాదు, యోనిని మెల్లగా సాగదీసే డైలేటర్లు అనే నున్నటి కడ్డీలు. రోజూ 10 నుంచి 30 నిమిషాలు, కొన్ని నెలలపాటు వాడాలి. పదిమందిలో తొమ్మిదిమందికి ఇవే సరిపోతాయి. కానీ అమ్మాయి తనకు తానుగా కావాలన్నప్పుడే మొదలుపెట్టాలి. తల్లి బలవంతంతో మొదలైనవి డ్రాయర్‌లోనే ఉండిపోతాయి. సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి చెప్పాల్సింది అమ్మాయే. అంటే ముందు ఆమెకు తెలిసుండాలి.

అపోహ: బాగానే ఉంది కదా, మాత్రలు ఆపొచ్చు

ఇది ప్రాణం మీదికి తెస్తుంది. కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా (పుట్టుకతో వచ్చే అడ్రినల్ గ్రంథి లోపం) ఉన్న పిల్లలకు ఒంట్లో ప్రాణాధారమైన కార్టిసాల్ హార్మోన్ తగినంత తయారు కాదు. ఎదిగే వయసులో హైడ్రోకార్టిసోన్ చదరపు మీటరు శరీర వైశాల్యానికి రోజుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మూడు పూటలుగా వాడాలి. జ్వరమొస్తే రెండు, మూడు రెట్లు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే తొడ కండకు ఇంజెక్షన్: మూడేళ్ల లోపు 25, పన్నెండేళ్ల లోపు 50, ఆపై 100 మిల్లీగ్రాములు, వెంటనే. ఇంజెక్షన్ ఇచ్చాక ఆసుపత్రికి బయల్దేరాలి, ఇవ్వకుండా బయల్దేరకూడదు. మోతాదు రాసిన డాక్టరు లేఖ ఒకటి ఇంట్లో, ఒకటి బడిలో ఉండాలి. హాస్టల్ వార్డెన్‌కు తెలియకూడదని ఆ లేఖ ఇవ్వని తల్లిదండ్రులున్నారు. రహస్యం పిల్లను చంపగలదనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ లేదు.

మిగతావి గబగబా. గ్రహణం చూడటం వల్ల రాదు. మేనరికం వల్లే వస్తుందనేది సగం నిజం: అడ్రినల్ హైపర్‌ప్లేసియా, 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపం లాంటి వాటికి దగ్గర సంబంధాలు ముప్పు పెంచుతాయి, తర్వాతి ప్రతి కాన్పులోనూ పావు వంతు అవకాశం ఉంటుంది. ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీకి మేనరికంతో పని లేదు. హిజ్రాలు వచ్చి పిల్లను తీసుకుపోతారనేది ఎప్పటి నుంచో తిరుగుతున్న పుకారు, దానికి భయపడి ఆసుపత్రి మానేయకండి. గర్భసంచి లేకున్నా అండాశయాలున్న (ఎంఆర్‌కేహెచ్ అనే స్థితి) అమ్మాయికి పెళ్లయ్యాక 2021 సరోగసీ చట్టం కింద దారి ఉంది.

పరీక్షల దగ్గర జరిగే తప్పులు రెండు. ఒకటి, స్కానింగ్‌లో "చిన్న గర్భసంచి" అని రాస్తే, నెలసరి రప్పించడానికని నెలల తరబడి ప్రొజెస్టిరాన్ మాత్రలు వాడించడం. ఒక కోర్సుకు రాకపోతే ఆపి, ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ హార్మోన్ పరీక్షలు, క్రోమోజోములు చూసే క్యారియోటైప్ పరీక్ష చేయించండి. స్కానింగ్ మీద అనుమానముంటే ఎంఆర్‌ఐ తీయించండి. రెండోది, క్యారియోటైప్ రక్తాన్ని ఊదా మూత ట్యూబులో తీయడం. ఈ పరీక్షకు కణాలు బతికుండాలి. ఆకుపచ్చ మూత ఉన్న సోడియం హెపారిన్ ట్యూబులోనే రెండు మూడు మిల్లీలీటర్లు తీసి, ఐసు తగలకుండా ఆరోజే పంపాలి. రిపోర్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. మన రాయలసీమ నుంచి ఎండోక్రైనాలజీకి (హార్మోన్ల వైద్య విభాగానికి) తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్, వేలూరు సీఎంసీ అందుబాటులో ఉన్నాయి. అనంతపురం వైపు వాళ్లకు బెంగళూరు దగ్గర. పోయేటప్పుడు పాత కాగితాలన్నీ తీసుకుపోండి, పిల్ల ఎత్తు, బరువు రాసుకున్న బడి రికార్డుతో సహా. రిపోర్టు చెప్పేరోజు లోపల వేయాల్సిన కుర్చీలు ఎన్నో ముందే అడగండి, వాటిలో ఒకటి పిల్లకు.